ఇదెవరిచ్చారండీ?

గోడకి ఒక వస్తువు తగిలిస్తే ఆ గోడ నాలుగు వేళ్ల మేర గదిలోకి జరుగుతుందన్న సంగతి ఫ్లాటు అమ్మేటప్పుడే బిల్డరు చెప్పాడు. ఒప్పందంలో రాయించాడు కూడా. వస్తువు తీసేస్తే ఆ నాలుగు వేళ్లూ మళ్లీ వెనక్కి వెళ్తుంది. ఆ ఊళ్లో అన్ని గోడలూ అంతే కాబట్టి కామరాజూ, అతని భార్య అలివేణీ అదొక విశేషమనుకోలేదు. వాళ్లు అడిగిందల్లా కుళాయి రెండు పూటలా వస్తుందా అని.

గృహప్రవేశానికి ఎవరూ ఉత్త చేతుల్తో రాలేదు. గడియారాలు, ఏనుగు తలలు, వెనకాల లైటు వెలిగే జలపాతం, పరిగెత్తే ఏడు గుర్రాలు, రకరకాల భంగిమల్లో వినాయకుళ్లు తెచ్చారు. ఇచ్చినవాళ్లు ఇచ్చి ఊరుకోరు. మళ్లీ వచ్చినప్పుడు మంచినీళ్ల గ్లాసు అందుకుంటూనే గోడ వంక చూస్తారు. తమది కనబడితే కాఫీ తాగుతారు. కనబడకపోతే "అబ్బే, ఇప్పుడే తాగొచ్చామండి" అంటారు. ఆ మాటకి అర్థం తెలియని ఇల్లాలు ఆ జిల్లాలో లేదు.

అలివేణిది మంచి చూపు. ఏది ఎక్కడ పెడితే ఎవరి మనసూ నొచ్చుకోదో చిటికెలో చెప్పేస్తుంది. పెద్దవాళ్లిచ్చినవి కంటికి ఎదురుగా ఉంటాయి, చిన్నవాళ్లవి మోకాలి ఎత్తున ఉన్నా పరవాలేదు. భర్త తరఫువి ఎన్నుంటే తన తరఫువి అన్ని. గడియారాలు మాత్రం పక్కపక్కన పెట్టదు, ఒకదాని టైము ఒకదానితో కలవదు. గుర్రాలు ఇంట్లోకి పరిగెత్తుతున్నట్టు ఉండాలని వాస్తు పంతులుగారు చెబితే అలాగే తగిలించింది. గుర్రాలు లోపలికి పరిగెత్తాయి, వాటితో పాటు గోడా వచ్చింది.

ఇబ్బందల్లా కామరాజు తండ్రి బుల్లెబ్బాయిగారిది. లోపలి రెండు గదుల్లో ఒకటి దంపతులది, ఒకటి చదువుకుంటున్న మనవరాలిది. ఆయన మంచం హాల్లో, ఆ గోడకి తలవైపు ఆనించి ఉండేది. ఈ వయసులో ఆయన కోరిక ఒక్కటే, కాళ్లు చాపుకుని పడుకోవడం. జలపాతం ఎక్కిన రోజున ఆయన కాళ్లు టీవీ బల్లకి తగిలాయి. ఏనుగు తలలు ఎక్కాక మంచం తీసేసి కుర్చీ వేశారు. వినాయకుళ్లందరూ ఎక్కేసరికి కుర్చీ పోయి స్టూలు వచ్చింది. స్టూలు మీద కునుకు పట్టగానే గోడ కదిలిందేమోనని ఉలిక్కిపడి లేచేవారు. పక్క ఫ్లాటు భాస్కర్రావుగారు ఉంటే మెట్ల మీద కూర్చుని కాసేపు మాట్లాడుకునేవారే గానీ, నిరుటి నుంచి ఆయనా బయటికి రావడం లేదు. అడిగితే "ఇంట్లోనే ఉన్నారండి" అన్నారు ఆ ఇంటివాళ్లు.

"అమ్మాయ్, ఆ గడియారాల్లో ఒకటి తీసేస్తే కొంచెం మోకాళ్లు కదుపుకుంటానమ్మా," అన్నారు బుల్లెబ్బాయిగారు ఒకరోజు.

"తీసేద్దునండి మావయ్యగారూ. ఏది తియ్యమంటారో మీరే చెప్పండి," అంది అలివేణి.

ఆయన గోడంతా చూశారు. ఒక గడియారం వెనక తమ్ముడి మొహం కనబడింది, ఇంకోదాని వెనక వియ్యంకుడి మొహం.

"వద్దులేమ్మా," అన్నారు.

కామరాజు ఒక ఉపాయం ఆలోచించాడు. ఎవరొస్తే వాళ్లది మాత్రం తగిలించి, తక్కినవి వంటింటి అటక మీద పెట్టాడు. ఆ నాలుగు రోజులూ బుల్లెబ్బాయిగారు మంచం మీద పడుకున్నారు. ఆ తర్వాత కామరాజు కాకినాడ మేనత్తా, అలివేణి పెద్దక్కా ఒకే లిఫ్టులో వచ్చారు. అక్క ఇచ్చిన జలపాతం ఉంది, మేనత్త ఇచ్చిన ఏనుగు తల లేదు. మేనత్త ఇప్పుడే తాగొచ్చానంది. స్వయంగా వచ్చి బొట్టు పెట్టి పిలవాల్సిన మనిషి, కూతురి పెళ్లికి శుభలేఖ పోస్టులో పంపించింది. అటక మీదవన్నీ మళ్లీ గోడెక్కాయి.

కామరాజు అర్జీ పెట్టుకుంటే పురపాలక సంఘం నుంచి గోడల సర్వేయరు వచ్చి టేపు పెట్టి కొలిచాడు.

"గోడ సక్రమంగానే జరుగుతోందండి."

"మరి మా నాన్నగారికి చోటండి?"

"అది గోడల సెక్షను కిందికి రాదండి. మా ఇంట్లో మేం వంటింట్లోనే పడుకుంటన్నామండి. అలవాటైపోద్ది," అన్నాడు సర్వేయరు. హాలు తగ్గింది కదా, ఇంటి పన్ను తగ్గుతుందా అని అడిగితే, గోడకి అందం పెరిగింది కాబట్టి పన్నూ పెరుగుతుందని చెప్పి, గుర్రాల్ని మెచ్చుకుని వెళ్లాడు.

ఆదివారం పిఠాపురం నుంచి బాబాయి వచ్చాడు. ఈయన బుల్లెబ్బాయిగారి తమ్ముడు. తన గడియారం ఉన్న చోటే ఉండటం చూసి సంతోషించి, సంచిలోంచి రాగి నెమలిని తీసి చేతిలో పెట్టాడు. తీసుకున్నాక తగిలించక తప్పుతుందా. నెమలి ఎక్కింది, గోడ జరిగింది, స్టూలు చోటు పోయింది. బుల్లెబ్బాయిగారు లేచి గోడకి ఆనుకుని నిలబడ్డారు. కాసేపటికి కొడుకుని పిలిచారు.

"ఒరే అబ్బాయ్, నించోలేకపోతన్నాన్రా. నాకూ ఓ మేకు కొట్టు," అన్నారు.

అలివేణి గోడ వంక చూసింది. ఏనుగు తలకీ జలపాతానికీ మధ్య ఖాళీ ఆమెని మొదట్నించీ పీకుతూనే ఉంది. కామరాజు డ్రిల్లింగ్ మిషన్ తెచ్చి, తండ్రి చంకల కింద కండువా చుట్టి, బాబాయి సాయం పట్టగా తగిలించాడు. గోడ నాలుగు వేళ్లు ముందుకి వచ్చింది.  మనిషికీ వస్తువుకీ తేడా గోడకి తెలియలేదన్నమాట అనుకున్నాడు కామరాజు.

"అన్నయ్య మీద వెలుతురు బాగా పడతంది," అన్నాడు బాబాయి.

బుల్లెబ్బాయిగారికీ మొదట హాయిగానే ఉంది. మోకాళ్ల మీద బరువు లేదు. స్టూలు మీద ఉన్నప్పుడు ఆయన వంక చూడనివాళ్లు కూడా ఇప్పుడు తలెత్తి చూస్తున్నారు. కానీ కాళ్లు వేలాడుతూ ఉండేవి. వాటిని ఎక్కడ పెట్టాలో తెలియక కదుపుతూనే ఉండేవారు. గడియారాల చప్పుడు మధ్య ఆయన మడమలు గోడకి కొట్టుకునే చప్పుడు కూడా వినబడేది.

తర్వాత కామరాజు పై ఆఫీసరు భార్యతో సహా వచ్చారు. ఆవిడ గోడ పొడుగునా నడుస్తూ ఒక్కొక్కటే అడిగింది.

"ఇదెవరిచ్చారండీ?"

"మా పెద్దక్కండి," అంది అలివేణి.

"ఇదో?"

"మా కాకినాడ మేనత్తగారండి."

ఆవిడ బుల్లెబ్బాయిగారి ముందు ఆగింది. "ఇదెవరిచ్చారండీ?"

అలివేణి తడుముకోలేదు. "మావారి తరఫున వచ్చిందండి."

వెళ్తూ వెళ్తూ ఆవిడ నగిషీ చట్రం ఉన్న పెద్ద అద్దాన్ని ఇచ్చి, వచ్చే ఆదివారం మళ్లీ వస్తామంది. ఇంకో నాలుగు వేళ్లు జరిగితే వీధి తలుపు తెరుచుకోదు. ఏదో ఒకటి దించాలి. దంపతులిద్దరూ గోడని ఈ చివర నుంచి ఆ చివర దాకా చూశారు. తీస్తే ఎవరు అడుగుతారో, ఎవరు అలుగుతారో లెక్కవేసుకుంటూ వచ్చారు. ఇద్దరి చూపూ ఒకే చోట ఆగింది. 

"నన్ను దింపెయ్యండమ్మా," అన్నారు బుల్లెబ్బాయిగారే. "నన్నిచ్చినోళ్లెవరూ అడగడానికి రారు కదా."

కామరాజుకి ఏడుపొచ్చింది. ఏడుస్తూనే స్టూలు తెచ్చాడు. దుమ్ము పడకుండా, ఏనుగు తల వచ్చిన బుడగల కవరు తండ్రి చుట్టూ చుట్టి, మొహం మాత్రం వదిలేసి, వంటింటి అటక మీదికి ఎక్కించాడు. మనిషిగా ఉన్నన్నాళ్లూ ఆయన్ని అక్కడ పెట్టాలని ఎవరికీ తోచలేదు. అదే మేకుకి అద్దం తగిలించారు. వెనక్కి వెళ్లిన గోడ మళ్లీ ముందుకి వచ్చింది.

అటక ఖాళీగా ఉంది, వస్తువులన్నీ హాల్లోనే ఉన్నాయి కదా. బుల్లెబ్బాయిగారు భయంభయంగా ఒక కాలు చాపారు. తర్వాత రెండోది చాపారు. దేనికీ తగల్లేదు. కళ్లు మూతలు పడుతుండగా, ఇటుకల అవతల పక్క ఫ్లాటు అటక మీద ఎవరో దగ్గారు.

"వచ్చేశారా బుల్లెబ్బాయిగారూ," అన్నారు భాస్కర్రావుగారు. "ఇక్కడ బానే ఉంటదండి. పొయ్యి సెగ కొంచెం తగులుద్ది, అంతే."