ఒసాకా యాస

"ఏడాది తిరిగేలోపు మన అడవి బిడ్డలు జపనీస్‌లో కలలు కంటారు. ఇది హామీ కాదు, నా ఆజ్ఞ!" అని మంత్రి బసవపున్నయ్య గారు ఖమ్మం ప్రెస్ మీట్‌లో ప్రకటించినప్పుడు నేను మొదటి వరసలోనే ఉన్నాను. ముందుగా చప్పట్లు కొట్టిందీ నేనే. విలేకరులు చప్పట్లు కొట్టకూడదంటారు గానీ, అంతటి మాట విన్నాక చేతులు ఊరుకోలేదు.

నా సంగతి కూడా రెండు ముక్కల్లో చెప్తాను. చింతలగుంపు రోడ్డు మీద నాకు జిరాక్స్ షాపు ఉంది. ఒక పత్రికకు మండల కంట్రిబ్యూటర్‌ని కూడా. పొద్దున జనం అర్జీలకు కాపీలు తీస్తాను. సాయంత్రం ఆ అర్జీల మీద అధికారులు ఎంత చురుగ్గా స్పందిస్తున్నారో వార్త రాస్తాను. ఈ రెండు పనుల మధ్య ఇంతవరకు నాకు గొడవ రాలేదు.

మంత్రిగారు ఆ మధ్య పది రోజులు జపాన్‌లో అధ్యయన యాత్ర చేసి వచ్చారు. అక్కడ బుడిబుడి నడకల పిల్లలు కూడా గడగడా జపనీస్ మాట్లాడేస్తుంటే చూసి ఆయన చలించిపోయారు. మన పిల్లలకేం తక్కువ అనుకున్నారు. దిగీ దిగగానే మా చింతలగుంపులో కోయ పిల్లలు చదివే ఆశ్రమ బాలికల హైస్కూల్‌ని పైలట్ ప్రాజెక్టు కింద ఎంపిక చేశారు. ఇక్కడ చదివిన పిల్లలకు టోక్యోలో ఉద్యోగాలట. చింతలగుంపు నుంచి భద్రాచలానికి ఇంకా బస్సు లేదు, అయితే అది వేరే శాఖ చూసుకుంటుంది.

లాంగ్వేజ్ ల్యాబ్‌కి ఒక గది కావాలన్నారు. బడిలో వాన కురవని గది ఒక్కటే, సిక్ రూమ్. పిల్లలు దాన్ని జరాల గది అంటారు. నాలుగు మంచాలు, ఒక మందుల బీరువా, ఒక నర్సమ్మ ఉండేవి. మంచాలను స్టోర్ రూమ్‌లో బియ్యం బస్తాల మీదికి ఎక్కించారు. నర్సమ్మ పోస్టును ల్యాబ్ నిర్వహణ కింద సర్దుబాటు చేసి, ఆమెను జిల్లా ఆఫీసుకు పంపేశారు. గదిలో గోడంత టీవీ, నీలం రంగు కర్టెన్లు వచ్చాయి. పాఠాలు ఇంటర్నెట్‌లో వస్తాయి. మా ఊళ్లో సిగ్నల్ కావాలంటే వాటర్ ట్యాంకు ఎక్కాలి. టీవీని ట్యాంకు ఎక్కించడం కుదరదు కనుక గదికి తాళం వేసి భద్రంగా కాపాడుతున్నారు.

టీచర్ ఎవరూ రాలేదు. "ఉన్న సిబ్బందిలో చురుకైన వారికి బాధ్యత అప్పగించవలెను" అని ఆర్డరొచ్చింది. బడిలో అందరికన్నా చురుకైన మనిషి ఆటల టీచర్ భార్గవి మేడం, పొద్దున్నే పరిగెత్తుతుంది కాబట్టి. ఆమెను రెండు రోజుల ట్రైనింగ్‌కి హైదరాబాద్ పంపారు. మొదటి రోజు ప్రారంభోత్సవం, రెండో రోజు ముగింపు సభ. మధ్యలో టీ విరామంలో ఎవరో జపాన్ వాళ్లు వంగి దండం ఎలా పెడతారో చూపించారు. మేడం తిరిగొచ్చిన వారానికి మూడు వందల మంది ఆడపిల్లలు విజిల్ వేస్తే చాలు ఒకే కోణంలో వంగుతున్నారు. నేను ఫోటోతో సహా వార్త రాశాను.

అప్పుడే పైనుంచి ఒక ఫారం వచ్చింది. "విదేశీ భాష అనగా విద్యార్థి తన ఇంట మాట్లాడక, బడిలో మాత్రమే వినునట్టి భాష. మీ పాఠశాలలో అట్టి భాష ఏదేని బోధింపబడుచున్నదా?" హెడ్మాస్టర్ తుల్సీరాం సార్ నిజాయితీపరుడు. "కలదు. తెలుగు" అని రాసి పంపారు. మూడో రోజు మెమో వచ్చింది. అప్పట్నుంచి ఆయన నిజాయితీ కొంచెం తగ్గించుకున్నారు.

తుల్సీరాం సార్‌ది ఏన్కూరు పక్కన తండా. ఇప్పుడు ఖమ్మంలో, ఖానాపురం హవేలిలో ఇల్లు కట్టుకుని, అక్కణ్నుంచే బండి మీద వచ్చిపోతుంటారు. చిన్నప్పుడు బడిలో తండా భాష మాట్లాడితే పంతులు బెత్తంతో వీపు చిట్లగొట్టేవాడని చెప్తుంటారు. ఆయన అంత కఠినుడు కాదు. కోయ మాట్లాడిన పిల్లలను ఎండలో నిలబెడతారంతే.

నాగలక్ష్మి అని తొమ్మిదో తరగతి పిల్ల అట్లా చాలాసార్లు నిలబడింది. నా షాపుకి మూడుసార్లు వచ్చింది కూడా. మూడుసార్లూ ఒకటే అర్జీ. జరాల గది తెరవాలె, నర్సమ్మను మళ్లీ పంపాలె, వానాకాలం పిల్లలు పడిపోతున్నరు, అని తెలుగులో గుండ్రంగా రాసుకొచ్చేది. చివర మూడు వందల సంతకాలు. మూడోసారి ఒక కాపీ నా చేతికిచ్చి "పేపర్ల వెయ్యండి సార్" అంది. వేద్దామనే అనుకున్నాను. పేజీ అంతా జపనీస్ వార్తలతో నిండిపోయి చోటు దొరకలేదు.

జూలైలో మంత్రిగారు వస్తున్నారని కబురొచ్చింది. పిల్లలు స్టేజీ ఎక్కి జపనీస్ మాట్లాడాలి. ఆర్డర్ కాపీ తీయించుకోవడానికి వచ్చిన తుల్సీరాం సార్ నా షాపు బల్ల మీద కూలబడ్డారు.

"తమ్మీ, నా నౌకరీ పాయె."

"మేడం ఏం నేర్పలేదా సార్?"

"వంగుడు నేర్పింది. వంగినోళ్లు లేవాలె కదా, లేచి మాట్లాడాలె కదా!"

నాలుగు రోజుల తర్వాత మళ్లీ వచ్చారు. ముఖం వెలిగిపోతోంది.

"నిన్న అన్నం తినేకాడ పిల్లలు కోయల ముచ్చట పెడుతుంటే విన్న. ఎండల నిలబెడదామని పోయిన. పోయి ఆగిపోయిన. తమ్మీ, నేనీడికొచ్చి పదకొండేండ్లు. ఒక్క ముక్క తెల్వదు నాకు. మంత్రిగారికి ఒక్క పూటల ఏం తెలుస్తది?"

"ఆయన జపాన్ పోయొచ్చిండు కదా సార్!"

"పోయొచ్చిండు. పక్కన దుబాసి ఉండె."

అట్లా ప్రజా ప్రయోజనాల దృష్ట్యా కోయ భాష మీద నిషేధాన్ని ఒక రోజుకు ఎత్తేశారు.

ఆ రోజు షామియానా వేశారు. మంత్రిగారు రాగానే విజిల్ మోగింది, మూడు వందల తలలు వంగాయి. ఆయన కళ్లు చెమర్చాయి. నేను వెనకాల వంట మనిషి ఆదెమ్మ పక్కన నిలబడ్డాను, అక్కడ ఫ్యాన్ ఉంది. ఆదెమ్మది ఇక్కడి కోయ గుంపే. కాన్వాయ్ డ్రైవర్లు పక్కనే టీ తాగుతున్నారు.

మొదటి పిల్ల స్టేజీ ఎక్కింది. వంగి, లేచి, చకచకా నాలుగు మాటలు చెప్పింది.

"అయ్యో, చూడు దీని నోరు!" అంది ఆదెమ్మ.

"ఏమంటోంది?"

"నిన్నటి పప్పు నీళ్ల లెక్కున్నదంట. ఏం జేస్త బాబూ, ఇచ్చిన పప్పుతోనే కదా వండాలె!"

స్టేజీ మీద మంత్రిగారు కళ్లు మూసుకుని తలాడిస్తున్నారు. మైకు అందుకున్నారు. "అద్భుతం! నేను అక్కడ పది రోజులు ఉండి వచ్చినవాణ్ని కనుక చెబుతున్నాను. ఈ పాప మాటలో టోక్యో కన్నా ఒసాకా యాస ఎక్కువ ఉంది!"

జనం చప్పట్లు కొట్టారు. తుల్సీరాం సార్ కర్చీఫ్‌తో మెడ తుడుచుకుని, ధైర్యంగా రెండో పేరు పిలిచారు. నాగలక్ష్మి.

ఆ పిల్ల వంగలేదు. మైకును రెండు చేతులతో పట్టుకుని మంత్రిగారి వైపు కాకుండా జనం వైపు తిరిగింది. నెమ్మదిగా మొదలుపెట్టింది. ఆదెమ్మ చేతిలో గరిటె ఆగిపోయింది.

"ఏమైంది?"

"దాని చెల్లె సమ్మక్కకు ఆరు దినాల సంది జరమంట. జరాల గదికి తాళమేసిన్రు, నర్సమ్మను పంపేసిన్రు అంటున్నది. స్టోర్ రూముల బియ్యం బస్తాల పక్కన పండవెట్టిన్రంట. పొద్దుగాల్నుంచి పిల్ల కండ్లు తెరుస్తలేదంట. సార్‌కు తెలుగుల చెప్తే ఫంక్షన్ అయినంక చూద్దామన్నడంట..."

స్టేజీ మీద నాగలక్ష్మి చివర ఒక్కమాట గట్టిగా అరిచి చెప్పి, ఏడ్చేసింది.

"ఇదేంటి, ఈ చివర మాట?"

"ఈడ మన మాట తెలిసినోళ్లు ఒక్కరన్న ఉంటే లేచి రాండ్రి, అంటున్నది."

మంత్రిగారు కుర్చీలోంచి లేచారు. "ఏం భావం! ఏం భావం! భాష రాకపోయినా కన్నీళ్లు వస్తున్నాయి. అదీ జపనీస్ కవిత్వం అంటే!" అని ఆ పిల్లకు శాలువా కప్పారు. షామియానా దద్దరిల్లేలా చప్పట్లు. నేను నోట్‌బుక్‌లో "హర్షధ్వానాలు" అని రాసుకున్నాను. సంగతి తెలిసి కూడా రాసుకున్నాను. మధ్యలో లేస్తే ప్రోగ్రాం పాడవుతుందని అనుకున్నానే తప్ప ఇంకేమీ అనుకోలేదు. ఇప్పటికీ ఆ పేజీ తిప్పాలంటే సిగ్గేస్తుంది.

నా పక్కన టీ గ్లాసు కింద పడింది. మంత్రిగారి డ్రైవర్ రామన్న. మణుగూరు అవతల గుంపు మనిషి, పదహారేళ్లుగా మంత్రుల కార్లు తోలుతున్నాడు. "స్టోర్ రూము ఎటు దిక్కున్నది?" అని ఆదెమ్మను కోయలోనే అడిగాడు. అర్థం కాకపోయినా ఆమె చేతితో చూపించింది కనుక నాకు తెలిసింది. ఇద్దరూ పరిగెత్తారు. నిమిషంలో పిల్లను భుజాన వేసుకొచ్చి మంత్రిగారి కారు వెనక సీట్లో పడుకోబెట్టాడు. పక్కన ఆదెమ్మ కూర్చుంది. సైరన్ మోగించుకుంటూ కారు భద్రాచలం దారి పట్టింది.

సైరన్ విని జనం మళ్లీ చప్పట్లు కొట్టారు. ప్రోగ్రాంలో భాగమనుకున్నారు.

మంత్రిగారు సభ ముగించి బయటకొచ్చేసరికి కారు లేదు. వెంట వచ్చిన జీపుల్లో నాయకులు అప్పటికే సీట్లు పట్టుకున్నారు, దిగితే మళ్లీ దొరకవని ఎవరూ దిగలేదు. చివరికి బడికి కూరగాయలు తెచ్చే ట్రాలీ ఆటోలో, వంకాయల బుట్టల మధ్య కుర్చీ వేసి ఆయన్ను పంపించారు. "ప్రజల మనిషి: ట్రాలీ ఆటోలో మంత్రి" అని నేను పంపిన వార్త మొదటి పేజీలో వచ్చింది.

సమ్మక్కకు మలేరియా మెదడుకెక్కింది. ఇంకో గంట ఆలస్యమైతే చేతిలో ఏమీ ఉండేది కాదని దవాఖానాలో డాక్టర్ అన్నాడు. పిల్ల బతికింది. రామన్నను సస్పెండ్ చేశారు.

ఎంక్వైరీ బడిలోనే జరిగింది. కాగితాలు కాపీ తీయడానికి నన్ను పిలిచారు కనుక మొత్తం విన్నాను. ఎంక్వైరీ ఆఫీసర్ కళ్లజోడు సర్దుకుని అడిగాడు.

"పర్మిషన్ లేకుండా బండి ఎందుకు తీశావు?"

"పిల్లకు పానం మీదికొచ్చింది సార్."

"నీకెవరు చెప్పారు?"

"ఆ పిల్ల అక్కనే చెప్పింది సార్. స్టేజీ మీద. అందరి ముందట."

"స్టేజీ మీద ఆ అమ్మాయి జపనీస్ కదా మాట్లాడింది?"

"కాదు సార్. కోయ."

ఆఫీసర్ పెన్ను కింద పెట్టాడు. తుల్సీరాం సార్‌కి దగ్గు వచ్చింది. ఎంతసేపటికీ తగ్గలేదు.

"చూడు రామన్నా. అది జపనీస్ అని సాక్షాత్తూ మంత్రిగారు మైకులో చెప్పారు. ఏ యాసో కూడా చెప్పారు. టీవీల్లో వచ్చింది. నువ్వు కోయ అంటున్నావు. అంటే మంత్రిగారు అబద్ధమాడారంటావా?"

"నేనట్ల అనలే సార్."

"మరి ఆ అమ్మాయి మాట్లాడింది నీకు అర్థమైందా, కాలేదా?"

"అయింది సార్. ప్రతి మాటా అర్థమైంది."

"ఆ అమ్మాయి మాట్లాడింది జపనీస్. నీకు ప్రతి మాటా అర్థమైంది. అంటే?"

"అంటే ఏంది సార్?"

ఆఫీసర్ రాసుకున్నాడు.

పదో రోజున ఆర్డర్ వచ్చింది. జపనీస్ భాషలో అసాధారణ ప్రావీణ్యం ఉండి కూడా ఇన్నేళ్లు స్టీరింగ్ పట్టుకుని మరుగున పడిపోయిన శ్రీ రామన్న సస్పెన్షన్‌ను ఎత్తివేసి, చింతలగుంపు పైలట్ ప్రాజెక్టుకు జపనీస్ ఉపాధ్యాయుడిగా డిప్యుటేషన్‌పై నియమించడమైనది. "ఆణిముత్యాన్ని వెలికితీసిన మంత్రి" అని నేను హెడ్డింగ్ పెట్టాను.

ఇప్పుడు వారానికి ఆరు జపనీస్ పీరియడ్లు. రామన్న సార్ టీవీకి దుప్పటి కప్పి, పిల్లలను చుట్టూ కూర్చోబెట్టుకుంటాడు. గదిలోంచి నవ్వులు వినిపిస్తాయి. ఆ నలభై నిమిషాలు కోయ మాట్లాడినందుకు ఎవరూ ఎండలో నిలబడనక్కర్లేదు. ఇన్‌స్పెక్షన్‌కి వచ్చినవాళ్లు కిటికీ దగ్గర నిలబడి విని, ఏ ప్లస్ గ్రేడ్ వేసి వెళ్తున్నారు. మొన్న పరీక్షల్లో వంద శాతం పాస్. పేపర్ తయారు చేసిందీ, దిద్దిందీ రామన్నే.

పోయిన సోమవారం నాగలక్ష్మి నా షాపుకి వచ్చింది. చేతిలో గోధుమరంగు కవరు. తను పెట్టిన మూడు తెలుగు అర్జీలకు కలిపి ఒక జవాబు వచ్చిందట. "చదవండి సార్" అని ఇచ్చింది. చదివాను.

"మీ దరఖాస్తు కూలంకషముగా పరిశీలింపబడినది. సదరు గదియందు భాషా ప్రయోగశాల విజయవంతముగా నిర్వహింపబడుచున్నందున దానిని తిరిగి అప్పగించుట సాధ్యపడదు. మీ పాఠశాలయందలి జపనీస్ ఉపాధ్యాయుడు భారీ వాహన చోదక లైసెన్సు కలిగియున్న దృష్ట్యా, నర్సు పోస్టు అవసరము లేదని నిర్ణయింపబడినది."

ఆ పిల్ల కాగితం వెనక్కి తీసుకుని, పెదాలు కదుపుతూ తనే రెండుసార్లు చదువుకుంది.

"సార్, ఇది ఏ భాష?"

"తెలుగే" అన్నాను.

"మూడు కాపీలు తియ్యండి, ఒకటి మీ పేపర్‌కు" అంది.