ఒక్క పేరూ వదలని మంత్రిగారు

గృహవసతి శాఖ మంత్రిగారు చరిత్రలో నిలిచిపోయే ప్రకటన ఒకటి చేశారు. శాఖలో ఎప్పటెప్పటి పాత డేటాబేస్ ఫైళ్లనో ఎత్తి, ఎస్‌క్యూఎల్ అనే ఒకే ఒక్క కొత్త కంప్యూటర్ పట్టికలో పోయిస్తారట. "ఒక్క పేరు కూడా వెనక మిగలదు! ఏ ఒక్కరినీ ఈ ప్రభుత్వం వదిలిపెట్టదు!" అని బల్ల గుద్దారు. మైకు కూడా ఉలిక్కిపడింది.

మొదటి వరుసలో కూచున్న అమ్మమ్మ చప్పట్లు కొట్టింది. పాత ఫైలంటే ఏమిటో, కొత్త పట్టికంటే ఏమిటో ఆవిడకు తెలియదు. ఆవిడ చదువు తన పేరు రాసుకోవడం దగ్గర ఆగిపోయింది. అయితేనేం, చప్పట్లకు చదువెందుకు? మంత్రిగారు ఎక్కడ ఊపిరి తీసుకుంటే అక్కడ కొట్టాలి, అంతే. ఆ విద్యలో ఆవిడను మించినవాళ్లు లేరని పార్టీవాళ్లే ఒప్పుకుని ప్రతి సభకూ ముందు కుర్చీ వేసేవారు. ఒకసారి మంత్రిగారు తుమ్మబోయి ఆగితే అప్పుడూ కొట్టింది. సభంతా అందుకుంది. మర్నాడు పేపర్లో "హర్షధ్వానాల మధ్య" అని పడింది.

ఆవిడ ఉండేది ఆ శాఖవాళ్లే కట్టిన ఒంటరి ఆడవాళ్ల వసతిగృహంలో. ఒక గది, గదికో కిటికీ, కిటికీ కింద పొయ్యిగట్టు. భర్త పోయాక శాఖవాళ్లు ఆయన పేరు కొట్టేసి ఇచ్చిన గది అది. కొడుకు ఇంట్లో అలమరలో ఒక అర ఆవిడది, కూతురి ఇంట్లో మంచంలో ఒక వార ఆవిడది. తలుపు వేసుకుని "ఇది నాది" అనుకోగలిగింది మాత్రం ఆ గదిలోనే. అందుకే మంత్రిగారంటే అంత భక్తి.

శాఖ ఆఫీసు పక్క వీధిలోనే. కూతురి కూతురు అక్కడే కంప్యూటర్ ఆపరేటరు. మధ్యాహ్నం భోజనానికి అమ్మమ్మ గదికి వస్తుంది. ఆ రోజు కంచం ముందు కూచుని కలిపిన ముద్ద కలిపినట్టే ఉంచింది.

"ఏమే, ఉప్పెక్కువైందా?"

"అది రోజూ ఉండేదేగా. అది కాదు అమ్మమ్మా, చచ్చినవాళ్లు లేస్తున్నారు."

"ఎక్కడ?"

"పట్టికలో. పాత ఫైళ్లలో మనిషి పోయాడని ఒక పేరు కొట్టేస్తే నిజంగా పోదు. దాని ముందు చిన్న స్టార్ గుర్తు పడుతుంది. తెర మీద కనపడదు, లోపల మాత్రం అలాగే ఉంటుంది."

"ఇల్లు ఊడ్చి చెత్తంతా మంచం కిందికి తోసినట్టు," అంది అమ్మమ్మ. తన పనితనం తనకు తెలియదూ?

"అచ్చం అలాగే. ఇప్పుడు ఫైలుకి ఫైలు ఎత్తి పోస్తుంటే ఆ కొట్టేసినవాళ్లంతా వచ్చేస్తున్నారు."

"మీ ఆఫీసరుకు చెప్పలేదుటే?"

"చెప్పాను. 'స్టార్ ఉన్నవాళ్లను ఆపేయనా సార్' అన్నాను. 'స్టార్ ఇచ్చారంటే మామూలువాళ్లా? వాళ్లని ఆపుతావా? ముందు వాళ్లనే ఎక్కించు' అన్నాడు. కొత్త పట్టికలో వాళ్లకోసం 'విశిష్టులు' అని ప్రత్యేకంగా ఒక గడి పెట్టించాడు. ఎక్కడైనా ఒక చోటుకి ఇద్దరు పోటీపడితే విశిష్టులకే ఇవ్వాలని నియమం కూడా రాయించాడు. దాని మీద మంత్రిగారి సంతకం కూడా అయిపోయింది."

"పోనీలే, పెద్దల్ని గౌరవించడం మంచిదే," అంది అమ్మమ్మ. ఆ నియమం గురించి కూడా సభలో విన్నది ఆవిడ. చప్పట్లు కొట్టింది కూడా.

వారం తిరక్కుండా మంత్రిగారు రెండో ప్రకటన చేశారు. ఒక్క ఇల్లూ కొత్తగా కట్టకుండానే ఇళ్లు పొందినవారి సంఖ్య అమాంతం పెరిగిపోయిందట. ఇటువంటిది ఏ ప్రభుత్వమూ చేయలేదన్నారు. నిజమే, ఎవరూ చేయలేదు.

ఆ పెరిగినవాళ్లలో ఒకాయన కోసం శాఖ ఉద్యోగి పూలగుత్తి పట్టుకుని అమ్మమ్మ గదికి వచ్చాడు.

"తాతగారున్నారా మామ్మగారూ? విశిష్టుల జాబితాలో ఉన్నారు. అభినందించి రమ్మన్నారు."

"ఉన్నారు నాయనా. అదిగో, గోడ మీద."

ఉద్యోగి పటం కేసి చూశాడు. "ఒకసారి కిందికి రమ్మంటారా? సంతకం కావాలి."

"బతికున్నప్పుడే నేను పిలిస్తే వచ్చేవారు కాదు. ఇప్పుడు వస్తారా?"

ఉద్యోగి పూలగుత్తి పటం కింద పెట్టి, జేబులోంచి ఇంకో కాగితం తీసి అంతే గౌరవంగా ఆవిడ చేతిలో పెట్టాడు. భర్త ఉన్న స్త్రీకి ఒంటరి ఆడవాళ్ల గృహంలో ఉండే హక్కు లేదు గనుక నెలాఖరుకు గది ఖాళీ చేయాలి.

అమ్మమ్మ ఆ సాయంత్రం అన్నం వండలేదు. కిటికీ రెక్క తీసింది, వేసింది. పటం ముందు నిలబడి, "లేకలేక ఒక ఆఫీసువాళ్లు మిమ్మల్ని గుర్తించారు, అదీ నా కొంప తీయడానికే," అంది. ఆయన ఎప్పటిలాగే ఊరుకున్నారు.

మర్నాడు పొద్దున్నే మరణ ధ్రువపత్రం పట్టుకుని ఆఫీసుకు వెళ్లింది. మనవరాలు తోడొచ్చింది. సెక్షన్ ఆఫీసరు ఆ పత్రాన్ని వెలుగులో పెట్టి అటూ ఇటూ తిప్పాడు.

"ఇది పాత కాగితం మామ్మగారూ. పట్టిక కొత్తది. కొత్తదానిలో ఆయన నిక్షేపంలా ఉన్నారు."

"నా కళ్ల ముందే పోయారు బాబూ."

"మీ కళ్లు పట్టికలోకి ఎక్కలేదు కదా."

"అయితే ఆయన పేరు తీసేయడానికి ఏం చేయాలి?"

"మంత్రిగారు సంతకం పెట్టాలి."

"అంతేనా! ఆయన నాకు బాగా తెలుసు. నేను చప్పట్లు కొట్టందే ఆయన రెండో మాట మాట్లాడరు," అంది అమ్మమ్మ. ప్రాణం లేచొచ్చినట్టయి, ధీమాగా మంత్రిగారి గది వైపు నడిచింది.

గది బయట వరండాలో బల్ల మీద, అర్జీలు పట్టుకున్నవాళ్ల మధ్య, మంత్రిగారు కూచుని ఉన్నారు. చేతిలో ఆయనకూ ఒక అర్జీ ఉంది.

"అదేమిటి బాబూ, ఇక్కడ కూచున్నారు?"

"లోపల మంత్రిగారున్నారమ్మా," అన్నారు మంత్రిగారు నీరసంగా.

సంగతేమిటంటే, పట్టికలోకి పదవుల ఫైలు కూడా ఎక్కింది. పదవిలో ఉండగానే కాలం చేసిన పాత మంత్రిగారి పేరు స్టార్‌తో సహా లేచి వచ్చింది. కుర్చీ ఒకటి, మంత్రులు ఇద్దరు. నియమం ప్రకారం విశిష్టులకే ఇచ్చారు. సంతకాలు ఇప్పుడు యంత్రమే పెడుతుంది గనుక, పట్టికలో ఎవరి పేరుంటే వారి సంతకం పడుతుంది. లోపల కుర్చీ ఖాళీగానే ఉంది. ఫైళ్లు మాత్రం వేడి వేడి ఇడ్లీల్లా బయటికొస్తున్నాయి. పరిపాలన ఇంత చురుగ్గా ఏనాడూ లేదని పేపర్లు మెచ్చుకున్నాయి. మంత్రి మారిన సంగతి మాత్రం అవి రాయలేదు. ఎవరూ గమనించలేదు మరి.

"అయితే లోపలాయన చేతే పెట్టిద్దాం," అంది అమ్మమ్మ.

వెనకే వచ్చిన సెక్షన్ ఆఫీసరు అడ్డం తిరిగాడు. "ఎలా కుదురుతుందండీ? మీ ఆయన పోయారని ఒప్పుకుంటే, అదే లెక్కన లోపలాయనా పోయినట్టే. పోయినాయన సంతకం చెల్లదు. సంతకం చెల్లకపోతే మీ ఆయన పోలేదు."

"సార్, అసలు స్టార్ ఉన్నవాళ్లంతా పోయినవాళ్లే," అంది మనవరాలు.

"మెల్లిగా అమ్మా! లోపల మంత్రిగారున్నారు."

అమ్మమ్మ బల్ల మీద మంత్రిగారి పక్కనే కూలబడింది. "బాబూ, నాకా గది తప్ప ఇంకోటి లేదు," అంది సెక్షన్ ఆఫీసరుతో. ఈసారి గొంతులో ధీమా లేదు.

సెక్షన్ ఆఫీసరు కఠినుడు కాడు. గోడకేసి చూసి, గడ్డం గోక్కుని, ఒక మార్గం కనిపెట్టాడు. "మామ్మగారూ, మీక్కూడా ఒక స్టార్ పెట్టించేస్తే? విశిష్టుల్ని ఖాళీ చేయించే అధికారం ఎవరికీ లేదు. గది జన్మజన్మలకీ మీదే."

మనవరాలి ముఖం తెల్లబోయింది. "అమ్మమ్మా, స్టార్ అంటే ఏమిటో నీకు తెలుసుగా..."

"తెలుసే. నా వయసుకు అదేం తొందర కాదులే. ఇన్నాళ్లూ బతికుండి ఏం చేశాను, చప్పట్లు కొట్టడం తప్ప? పెట్టు."

మనవరాలు వరండా పక్కనే ఉన్న తన కంప్యూటర్ ముందు కూచుని, కళ్లు తుడుచుకుంటూ మీట నొక్కింది. యంత్రం ఒక్క క్షణం ఆలోచించి కాగితం కక్కింది. గది భద్రం. విశిష్ట మహిళగారికి శాఖ అభినందనలు. అమ్మమ్మ ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి చీర కొంగున ముడేసుకుంది.

ఇదంతా చూస్తున్న మంత్రిగారు లేచి దగ్గరకు వచ్చారు. జీవితంలో మొదటిసారి ఆవిడకు చేతులు జోడించారు.

"అమ్మా, మీ మనవరాలికి చెప్పి నాక్కూడా ఒక స్టార్ పెట్టించండి."

అమ్మమ్మ ఆయన్ని ఎగాదిగా చూసింది. "మీకింకా వయసుంది బాబూ."

"వయసుదేముందమ్మా! పదవి కోసం దేనికైనా సిద్ధం. ఇవ్వాళే అయిపోవాలి."

"ఇంట్లోవాళ్లకు చెప్పారా?"

"చెప్పక్కర్లేదు, సంతోషిస్తారు."

అమ్మమ్మ మనవరాలి కుర్చీ ముందుకు జరిపింది. "కానీవే మరి. పెద్దాయన అంత ముచ్చట పడుతున్నాడు."