డాక్టరుగారి ఎడమ కాలు

ఆ ఉదయం పళ్ల డాక్టరుగారు వేసుకున్న పథకంలో వంక పెట్టడానికి ఏమీ లేదు. క్లినిక్కుకు వెళ్తూ కారును గ్యారేజీలో వదలాలి. పేషెంట్లను చూసుకోవాలి. సాయంత్రం కొత్త క్లచ్ వేసిన కారు తెచ్చుకుని, ఏది వేయించిందీ ఇంటికొచ్చి భార్యకు చెప్పాలి. ఈ చివరి పనికి ఆయన అప్పటికింకా భయపడలేదు.

ఆ కారు ఆయనకున్న ఒకే ఒక్క వ్యసనం. పైకి చూస్తే బుద్ధిగా బతికే కుటుంబపు కారు. బానెట్ కింద మాత్రం గ్యారేజీ మాస్టారు పెద్ద టర్బో బిగించి, ఇంజన్‌కు పుట్టుకతో లేని బలమంతా ఎక్కించాడు. ఆ బలాన్ని పాత క్లచ్ తట్టుకోలేకపోయింది. యాక్సిలరేటర్ తొక్కితే ఇంజన్ గొంతు చించుకునేది గానీ కారు ముందుకు పోయేది కాదు. కాలిన వాసన మాత్రం ముందు సీటు దాకా వచ్చేది. కూరగాయలకు వెళ్తూ ఓ రోజు ఆ వాసన భార్య కూడా పట్టేసింది.

"మార్పించండి, కాదనను," అందామె. "కానీ రోజూ రోడ్డు మీద తిరిగే బండికి వేసేదే వేయించండి. నేనూ నడపాలి, పిల్లల్ని బడికి దింపాలి. పందేల కార్ల సామాను పెట్టించారని తెలిసిందో, కారు అమ్మేద్దాం. బస్సెక్కి వెళ్లి పళ్లు పీకే డాక్టర్లు లేరా ఏంటి?"

డాక్టరుగారు మాటిచ్చారు. ఇచ్చేటప్పుడు నిలబెట్టుకోవాలనే ఉంది.

గ్యారేజీలో మాస్టారు బల్ల మీద రెండు క్లచ్ ప్లేట్లు పెట్టాడు. ఒకదానికి చుట్టూ పట్టునిచ్చే లైనింగ్ నిండుగా ఉంది. రెండోదానికి ఎడం ఎడంగా రాగిరంగు బిళ్లలు మాత్రమే ఉన్నాయి, ముసలి దవడలో మిగిలిన పళ్లలాగా. డాక్టరుగారి చూపు వృత్తిరీత్యా దాని మీదకే పోయింది.

"ఈ నిండుగా ఉన్నది మెత్తనిది సార్," అన్నాడు మాస్టారు. "దీన్ని నొక్కిపట్టే ప్లేటు పాతదానికంటే గట్టిది కాబట్టి మీ ఇంజన్‌కి ఆగుతుంది. ట్రాఫిక్‌లో హాయిగా నడుస్తుంది. రోజూ తిరిగే బండికి అందరూ ఇదే అడుగుతారు."

"మరి అది?"

మాస్టారు రెండోదాన్ని చేతిలోకి తీసుకుని, మెత్తటి గుడ్డతో తుడిచి, వెలుతురుకు పట్టాడు. "అది అందరూ అడగరు సార్."

ఆ ఒక్క మాటతో డాక్టరుగారి పని అయిపోయింది.

"పెడల్ గట్టిగా ఉంటుందా?"

"కాస్త."

నొప్పిగా ఉంటుందా అని అడిగిన ప్రతి పేషెంటుకూ డాక్టరుగారు చెప్పే జవాబు సరిగ్గా ఇదే. ఆ కాస్తలో ఎంత ఉంటుందో ఆయనకు తెలిసి ఉండవలసింది.

సాయంత్రం భార్య కాఫీ అందిస్తూ, "ఏది వేయించారు?" అంది.

"మెత్తనిదే," అన్నారు డాక్టరుగారు. ఆ తర్వాత కాఫీ రుచి తెలియలేదు.

మర్నాడు క్లినిక్కుకు బయలుదేరాక అసలు సంగతి తెలిసొచ్చింది. పెడల్ తొక్కడమంటే బట్టలతో నిండిన బీరువాను ఒంటికాలితో గోడ దాకా నెట్టడమే. ఆ క్లచ్‌కు నడిమధ్య అనేది తెలియదు. పట్టుకుంటే పూర్తిగా పట్టుకుంటుంది, లేకపోతే పూర్తిగా వదిలేస్తుంది. ప్రతి సిగ్నల్ దగ్గరా కారు కప్పలా గెంతింది. వంతెన ఎక్కేచోట వాహనాలన్నీ ఆగి, కదిలి, మళ్లీ ఆగాయి. క్లినిక్ చేరేసరికి ఆయన ఎడమ కాలు ఆయన మాట వినడం మానేసింది.

పళ్లు రాచే మిషన్ పెడల్ కూడా ఎడమ కాలి కిందే ఉంది. కుర్చీ గోడవారగా ఉండటంతో ఏళ్ల తరబడి ఆ కాలితోనే అలవాటు. కుడికాలు వాడాలంటే పేషెంటుకు వీపు చూపించాలి.

మొదటి పేషెంటు రిటైరైన హెడ్‌మిస్ట్రెస్ గారు. ఆమె నోరు తెరిచింది. మిషన్ గుర్రుమంది, ఆగింది, రెండుసార్లు దగ్గి మళ్లీ గుర్రుమంది. హెడ్‌మిస్ట్రెస్ గారు చెయ్యెత్తి ఆపి, కిందికి చూసింది. డాక్టరుగారి మోకాలు కుట్టుమిషన్ సూదిలా ఆడుతోంది.

"నోరు తెరుచుకు కూర్చున్నది నేను," అందామె. "వణకాల్సింది కూడా నేనే కదా డాక్టరుగారూ?"

"ఏసీ ఎక్కువైందమ్మా."

"ఒక్క కాలికేనా?"

ఎన్నో తరాల పిల్లల అబద్ధాలు విని, నమ్మనట్లు కనపడకుండా నమ్మకపోవడం నేర్చుకున్న మనిషి ఆమె. పన్ను మరోసారి చూసుకుందామని లేచింది. వెళ్తూ వెళ్తూ, పాపం మంచిమనసుతోనే, దారిలో ఉన్న డాక్టరుగారి ఇంట్లో ఓసారి ఆగింది.

సాయంత్రం భార్య ఆయన పిక్క పట్టుకుని చూసింది. రాయిలా ఉంది.

"ఎప్పట్నించి ఇలా?"

"ఇవాళే."

"బరువేమైనా ఎత్తారా? ఎక్కడైనా పడ్డారా?"

"లేదే."

ఆమె ముఖంలో రంగు మారింది. డాక్టరుగారు నిజం చెప్పడానికి నోరు తెరిచారు కూడా. ఈలోగా ఆమె అన్నయ్యకు ఫోన్ కలిపి ఆయన చేతికిచ్చేసింది. అన్నయ్య నరాల డాక్టరు. మామూలుగానే తక్కువ మాట్లాడతాడు.

"ఎడమ కాలేనా బావగారూ?"

"ఎడమే."

"కాసేపు కూర్చుంటే తగ్గుతోందా?"

"తగ్గుతోంది."

"మర్నాటికి మళ్లీ వస్తుంది చూడండి."

మర్నాడు మళ్లీ వచ్చింది. కారు నడిపితే రాక ఏమవుతుంది? అది విని అన్నయ్య, "హూఁ," అన్నాడు. సోమవారం ఓసారి ఆసుపత్రికి రమ్మన్నాడు.

ఆ హూఁ డాక్టరుగారి గుండెల్లో రాయిలా పడింది. వణుకుకు కారణం ఆయనకు తెలుసు. తెలిసినా, నిజంగా కారణం అదేనా అని మొదటిసారి అనుమానం వచ్చింది. ఫోన్‌లో నరాల జబ్బుల గురించి చదివారు. లక్షణాలన్నీ ఉన్నాయి. లేనివి కూడా చదవడం పూర్తయ్యేలోపు వచ్చాయి. ఆదివారం కారు తీయలేదు కాబట్టి కాలు వణకలేదు. వణుకు ఆగిందంటే చచ్చుబడిపోతోందేమోనని ఆయన పొద్దుటి నుంచీ పంటిపుల్లతో పిక్కను గుచ్చుకుంటూ కూర్చున్నారు.

ఈలోగా హెడ్‌మిస్ట్రెస్ గారి సానుభూతి ఊరంతా పాకింది. పేషెంట్లు ఒక్కొక్కరే ఫోన్ చేసి, తమ నొప్పి దానంతటదే తగ్గిందనీ, డాక్టరుగారు ఆరోగ్యం చూసుకోవాలనీ చెప్పి పెట్టేస్తున్నారు. నిజం చెబితే కారు పోతుంది. చెప్పకపోతే క్లినిక్ పోయేలా ఉంది. ఆ రెంటి మధ్యా కాలు కూడా పోతుందేమోనని భయం.

సోమవారం ఉదయం భార్య తాళాలు తీసుకుంది.

"నేను నడుపుతాలే," అన్నారు డాక్టరుగారు కంగారుగా.

"ఆ కాలుతోనా? పక్కన కూర్చోండి."

"ఆటోలో పోదాం."

"మెత్తని క్లచ్ వేయించుకుని ఆటో ఎందుకండీ?"

ఆయన సీటు బెల్టు పెట్టుకుని, తలుపు పైనున్న పిడి కూడా పట్టుకున్నారు. ఆమె పెడల్ తొక్కింది. ఒక క్షణం ఆగి, సీటు ముందుకు జరుపుకుని, మళ్లీ తొక్కింది. కారు వీధి మలుపు దాకా మూడు గెంతుల్లో చేరింది. వంతెన ఎక్కేచోట సిగ్నల్ పడింది. వెనక బస్సు ఆనుకున్నట్లే నిలబడి హారన్ కొడుతోంది. పచ్చలైటు వచ్చింది, ఇంజన్ ఆగిపోయింది. మళ్లీ స్టార్ట్ చేస్తే కారు వెనక్కి జారింది.

"సగం వదలకు," అన్నారు డాక్టరుగారు, పై ప్రాణాలు పైనే పోతుండగా. "దానికి సగం లేదు. ఇంజన్ బాగా రేజ్ చేసి ఒక్కసారే వదిలెయ్."

ఆమె వదిలేసింది. కారు వంతెన మీదకు ఎగిరి పడింది. ఆమె ఏమీ అనలేదు. ఆసుపత్రి దాకా ఏమీ అనలేదు. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆమె అంతసేపు ఏమీ అనకపోవడం ఆయనకు గుర్తులేదు.

అన్నయ్య కాలును తట్టాడు, వంచాడు, గీశాడు, నడిపించాడు. "లోపమేమీ కనపడట్లేదే," అంటూ తలెత్తాడు. అప్పుడు చెల్లెలి వైపు చూసి అలాగే ఉండిపోయాడు. కుర్చీలో కూర్చున్న ఆమె ఎడమ కాలు టకటకా ఆడుతోంది.

"నీకెప్పట్నించి?"

"ఇవాళే అన్నయ్యా," అందామె నీరసంగా.

మాటలు పొదుపుగా వాడే అన్నయ్య ఆపకుండా మాట్లాడటం మొదలుపెట్టాడు. "ఇద్దరికీ ఒకే కాలు. ఇంట్లో నీళ్లు ఎక్కణ్నించి వస్తాయి? వంటకి ఏ గిన్నెలు వాడుతున్నారు? పిల్లలేరీ? సిస్టర్, రెండు మంచాలు సిద్ధం చేయండి. బళ్లోంచి పిల్లల్ని కూడా తెప్పించాలి. ముందు ఈయన వెన్నులోంచి కాస్త నీరు తీద్దాం."

"వెన్నులోంచా?" అన్నారు డాక్టరుగారు.

"సూది కాస్త పొడుగ్గా ఉంటుంది. నొప్పి కాస్తే."

జీవితమంతా ఇతరుల చిగుళ్లలో సూదులు గుచ్చిన ఆ మనిషి, ట్రేలో వచ్చిన సూదిని చూసి రెండడుగులు వెనక్కి వేశారు. ఆ కాస్త ఎంతో ఈసారి ఆయనకు బాగా తెలుసు.

"బావగారూ, జబ్బు కాలుది కాదు. క్లచ్‌ది," అన్నారు. రాగిరంగు బిళ్లలు, మాస్టారు గుడ్డ, ఏసీ, అన్నీ ఒక్క ఊపులో చెప్పేశారు.

ఆయన చెప్పడం పూర్తవగానే భార్య కాలు ఆగిపోయింది.

డాక్టరుగారు ఆ కాలును చూశారు, తర్వాత ఆమె ముఖాన్ని చూశారు.

"నీకు తెలుసా?"

"మొదటిసారి తొక్కగానే తెలిసింది."

"మరి దారిలో అడగలేదేం?"

"దారిలో అడిగితే ఇంకో అబద్ధం చెప్పేవారు. ఇక్కడైతే సూదులుంటాయి కదా," అందామె. తర్వాత ఆయన పిక్క మీద చెయ్యి వేసింది. "మూడు రాత్రులు నిద్రలేదు నాకు. ఆ పిక్క పట్టుకుని చూసినప్పుడు ఏమనుకున్నానో మీకేం తెలుసు?"

కారు ఉంచుతావా అని అడిగే ధైర్యం డాక్టరుగారికి రాలేదు. ఆమే కారును నేరుగా గ్యారేజీకి తీసుకెళ్లింది. ఆయన్ని బయట చెట్టునీడలో కూర్చోబెట్టి తనొక్కతే లోపలికి నడిచింది. మాస్టారు మళ్లీ గుడ్డ తీయబోయాడు.

"గుడ్డ అక్కడ పెట్టండి," అందామె. "మీ ఇంట్లోవాళ్లు నడిపే కారుకి ఏది వేశారు?"

మాస్టారు నేల చూపులు చూశాడు. "ఆ నిండుగా ఉన్నదేనమ్మా."

"మాకూ అదే వేయండి."

మెత్తని క్లచ్ పడ్డాక డాక్టరుగారి కాలు నిలకడగా నిలిచింది, మిషన్ ఒకే గొంతుతో పలికింది, హెడ్‌మిస్ట్రెస్ గారి పన్ను పూర్తయింది. ఆమె ఆ కబురు కూడా అంతే మంచిమనసుతో ఊరంతా చెప్పింది. కారు అమ్మలేదు. అయితే భార్య ఒక నియమం మోసుకొచ్చింది.

"కొత్త లైనింగ్ సర్దుకునేదాకా యాక్సిలరేటర్ గట్టిగా తొక్కకూడదట. ఊళ్లోనే, మెల్లగా, ఆగుతూ ఆగుతూ తిప్పాలట."

"ఎంత దూరం?"

"సర్దుకున్నాక మాస్టారు నాకు చెబుతానన్నారు."

మాస్టారిని తనే అడిగే ముఖం డాక్టరుగారికి లేదు. అందుకని ఆయన బుద్ధిగా ఆ టర్బో కారులో పిల్లల్ని బడికి దింపుతున్నారు, కూరగాయలు తెస్తున్నారు, భార్య చెప్పిన చోటల్లా ఆగుతున్నారు. సైకిళ్లు ఆయన్ని దాటిపోతున్నాయి.

క్లచ్ సర్దుకుందని మాస్టారు కిందటి నెలే ఆమెకు ఫోన్ చేశాడు గానీ, ఇంటి పనుల్లో పడి ఆమెకు ఆ సంగతి చెప్పడమే కుదరలేదు.