గెటౌట్ టీచర్ చూపుడువేలి విజయము

ఓ సుద్దపొడీ! నల్లబల్ల మీద పుట్టి, గురువుల చీరకొంగున పెరిగి, తుదకు మొదటి బెంచీవారి ముక్కుపుటములలో స్థిరనివాసము ఏర్పరచుకొను ధవళరేణువా! నా కంఠమున కొంచెము చేరుము, దగ్గు వచ్చునంత వద్దు. భోజనపు డబ్బాలు ఖాళీయై, సూర్యుడు మూడవ కిటికీ నుండి నాలుగవ కిటికీకి బదిలీయై, గోడగడియారమందలి చిన్నముల్లు సైతము కునుకు తీయు ఐదవ పీరియడు వేళ, మేడమెట్లకు ఎడమ ప్రక్కన, మంచినీళ్ల కుళాయికి ఎదురుగా వెలసిన ఏడవ తరగతి 'బి' సెక్షనను రణక్షేత్రమున, సగమునకు మూడవవంతును కలుపుటకై జరిగిన మహాసంగ్రామమును గానము చేసెదను. వినుడు. వెనుక బెంచీవారు కూడ వినుడు.

ఆ క్షేత్రమునకు అధినేత్రి, లవ-హార-మర్మజ్ఞ, భిన్న-సంకలన-ధురంధర, కుడిచేతి-తర్జనీ-తేజో-విరాజిత యగు లెక్కల టీచరు. ఆమె బెత్తము పట్టి యెరుగదు. గోడకుర్చీ వేయించి యెరుగదు. ఆమెకున్నది ఒక్కటే ఆయుధము, చూపుడువేలు. బెంచీ చప్పుడైనను, పెన్ను టకటకలాడినను, ఎవడైన పక్కవాని చెవిలో గుసగుసలాడినను ఆ వేలు లేచును, తలుపును చూపును, వెంటనే 'గెటౌట్' అను మహాస్త్రము వెలువడును. అందుచేతనే పిల్లలు ఆమెకు గెటౌట్ టీచరని బిరుదమిచ్చి, చాటుగా గౌరవించుకొనుచుండిరి.

ఆ వేలి ప్రతాపము బడితో ఆగినది కాదు. ఒకనాటి సాయంకాలము ఇంటిలో ఆమె తన కళ్లజోడు తలుపు ప్రక్క బల్లపై నున్నదని భర్తకు వేలితో చూపగా, ఆ సాధువు మారుమాట లేక చెప్పులు తొడుగుకొని గడప దాటెను.

"ఏవండీ, ఎక్కడికి?"

"నువ్వే కదా వెళ్లమన్నావు."

"కళ్లజోడు తెమ్మన్నానండీ!"

"ఓహో. చెప్పొచ్చు కదా. నేను ఏం తప్పు చేశానా అని ఆలోచిస్తున్నా."

ఇట్లుండగా బడిలో కారిడారు జనాభా దినదినప్రవర్ధమానమై, తరగతి జనాభాను మించిపోయెను. బయటివారికి కుళాయి కలదు, గాలి కలదు, గోళీలాట కలదు. లోపలివారికి భిన్నములు తప్ప మరేమియు లేవు. బయటికి పోవుటకై లోపలివారు పెన్నులు టకటకలాడించుచుండిరని ఆ మహాతల్లికి తట్టనే లేదు. ఒకనాడు తనిఖీకి బయలుదేరిన ప్రిన్సిపాల్ మేడమ్ ఆ జనసమూహమును గాంచి, తరగతి బయటనే జరుగుచున్నదని భ్రమించి, గోడనానుకొని కొంతసేపు పాఠము కొరకు వేచి చూచెను. నిజము తెలిసిన పిమ్మట ఆమె మోము కందగడ్డ అయ్యెను.

"చూడండి టీచర్," అని ఆమె స్టాఫ్ రూములో మెల్లగా, అందరికీ వినబడునట్లు పలికెను. "బయటికి గెంటడం కూడా శిక్షే. శిక్షలు లేని బడి అని గేటు మీద మనమే రాయించుకున్నాం. శుక్రవారం ఐదో పీరియడుకి నేనొచ్చి వెనక కూర్చుంటా. ఒక్కరిని కూడా బయటికి పంపకుండా ఒక్క లెక్క పూర్తి చెయ్యండి, చాలు. లేదంటే సోమవారం నుంచి ఏడు 'బి' డ్రిల్ మాస్టారికి ఇచ్చేస్తా."

"ఆయనకి లెక్కలు వచ్చా మేడమ్?"

"విజిల్ వచ్చు. దానికి గోడలు కూడా నిటారుగా నిలబడతాయి."

ఆ మాట శూలమై టీచరు గుండెలో దిగబడెను. ఏడు 'బి' పిల్లలన్న ఆమెకు ప్రాణము. ఎవనికి ఎక్కాలు తడబడునో, ఎవతె తీసివేతలో అప్పు తెచ్చుకొని మరచిపోవునో ఆమెకు కంఠతా వచ్చును. ఈ ప్రేమను ఆమె వారికి ఎన్నడును చెప్పియుండలేదు. చెప్పబోవు సమయమునకు వారు కారిడారులో ఉండెడివారు.

ఆ రాత్రి నర్సరీ తరగతులను పాలించు తన అక్కకు ఫోను చేసి గోడు వెళ్లబోసుకొనగా, ఆ అనుభవశాలిని నవ్వి ఇట్లు ఉపదేశించెను: "పిచ్చిదానా, అల్లరి చేసేవాడికి ఏదో ఒక పని అప్పజెప్పు. నా దగ్గర అందరికంటే ఎక్కువ కొరికేవాడికి చెప్పుల వరస సర్దే పని ఇచ్చా. ఇప్పుడు కొరకడానికి వాడికి తీరికే లేదు."

తరువాతి దినమే ప్రయోగము ఆరంభమయ్యెను. బెంచీని రెండు చేతులతో నిర్విరామముగా వాయించు కుర్రవాడొకడు కలడు. వానిని మృదంగమని పిలుతురు. టీచరు నల్లబల్లపై 1/2 + 1/3 అని వ్రాసినదో లేదో వాడు వాద్యమందుకొనెను. వేలు లేవబోయెను. ఆమె దానిని ఎడమచేతితో పట్టి దించెను.

"ఒరేయ్, ఈ రోజు నుంచి డస్టర్ నీ బాధ్యత. నువ్వే ఇన్‌ఛార్జ్."

మృదంగము నోరు వెళ్లబెట్టెను. "నేనా టీచర్? నిజంగానా?" అని డస్టరును రెండు చేతులతో గుండెకు హత్తుకొని, ఇక ఆ పీరియడు ముగియువరకు వాయించలేదు. టీచరు కాళ్లు నేలమీద నిలువలేదు. కాని హా! ఆమె పప్పులో కాలు వేసినదని ఆమెకేమి తెలియును? తరగతి యావత్తు ఒక మహాసత్యమును కనుగొనెను. వాయించినవానికి పదవి వచ్చెను, చేతులు కట్టుకొని కూర్చున్నవానికి మొండిచేయి మిగిలెను. ఆ క్షణము నుండి ఏడవ 'బి'లో అల్లరి నేరము కాదు, దరఖాస్తు.

ఈల వేసినవాడు కిటికీల ఇన్‌ఛార్జ్ అయ్యెను. పిల్లికూత కూసినది ఫ్యాను ఇన్‌ఛార్జ్ అయ్యెను. బెంచీ క్రింద దూరినవాడు సుద్దముక్కలకు, వానిని లాగినవాడు విరిగిన సుద్దముక్కలకు అధిపతులైరి. గంట మోగినదని చెప్పుటకొకడు, టీచరు కొంగునకు సుద్ద అంటినదని చెప్పుటకొకతె, పదవులన్నియు తరిగిపోగా గోడమీది బల్లిపై నిఘా పెట్టుటకొకడు నియమింపబడిరి. అందరును తమ తమ విధులను ప్రాణములొడ్డి, సరిగా పాఠము నడిమిభాగముననే నిర్వర్తించుచుండిరి. ఆమె '=' అని వ్రాయుటయే తడవు, కర్తవ్యపరాయణుడైన మృదంగము పరుగున వచ్చి బల్లను అద్దమువలె తుడిచి, "అయిపోయింది టీచర్!" అని వందనము చేయుచుండెను. గురువారము గడచెను. సగమునకు మూడవవంతు కలియనే లేదు.

పదవి దక్కనిది ఒక్కతెయే మిగిలెను. ఆమె ముందు బెంచీ చివర కూర్చుండు పిల్ల. హాజరువేళ 'ప్రెజెంట్ టీచర్' అనుట తప్ప ఆమె గొంతు విన్నవారు లేరు. దినదినమును ఆ లెక్కను నోటుబుక్కులో ఎక్కించుకొని, '=' దగ్గర పెన్సిలు ఆనించి, జవాబు కొరకు ఎదురుచూచి, గంట మోగగానే ఆ పుట మూసివేయుచుండెను. ఆమె వైపు ఎవరును చూచినవారు కారు. చూడవలసిన అవసరమేమి? ఆమె అల్లరి చేయదు గదా.

వచ్చెను శుక్రవారము! ప్రిన్సిపాల్ మేడమ్ చివరి బెంచీలో మోకాళ్లు ఇరికించుకొని ఆసీనురాలయ్యెను. కారిడారున డ్రిల్ మాస్టారు కార్యార్థియై అటునిటు తిరుగుచుండెను. టీచరు నుదుటి చెమటను కొంగుతో అద్దుకొని, 1/2 + 1/3 అని వ్రాసి, '=' అను రెండు గీతలలో మొదటిదానిని గీచినంతనే, అహో, కిటికీలు ధడాలున మూసికొనుచు, ఫ్యాను ఆగుచు తిరుగుచు మరల ఆగుచు, కొంగు సుద్ద అయినదని ఒకతె అరచుచు, విరిగిన ముక్క తన శాఖకు చెందునని ఒకడు వాదించుచు, "టీచర్, బల్లి కదిలింది!" అని నిఘాధికారి బెంచీ ఎక్కి ఘోషించుచు, ఈ కోలాహలము నడుమ మృదంగము డస్టరును ఎత్తి పట్టుకొని దూకుచు, ఆ తరగతి గది సంతలో సగము, స్టేషనులో సగముగా మారిపోయెను.

అప్పుడు వినబడెను, ఠప్పని ఒక చప్పుడు.

ఇనుపస్కేలు బెంచీకి తగిలిన చప్పుడది. అందరును తిరిగి చూచిరి. ముందు బెంచీ పిల్ల నిలుచుండియున్నది. స్కేలు ఆమె చేతిలోనే యున్నది. ఫ్యాను ఇన్‌ఛార్జ్ చేయి స్విచ్చి మీదనే ఆగెను. కదిలిన బల్లి కూడ కదలుట మానెను.

టీచరు చూపుడువేలు, యజమానురాలిని అడుగకయే, అలవాటు చొప్పున లేచెను. తలుపు వైపు సాగెను. "గె..." అను అక్షరము పెదవి దాటెను. వెనుక ప్రిన్సిపాల్ ముందుకు వంగెను. కారిడారున విజిల్ పెదవిపైకి చేరెను. ఇక ఆ పిల్ల యందురా, ఎన్నడును చెప్పిన మాట జవదాటనిది గనుక, కన్నీళ్లు బుగ్గలపై జారుచుండగనే పెన్సిలు పెట్టెలో పెట్టుకొని తలుపు వైపు ఒక అడుగు వేసెను.

ఆ అడుగు చూచినంతనే టీచరు మనసు చివుక్కుమనెను. తన వేలినుద్దేశించి ఆమె అంతరంగమున ఇట్లు గర్జించెను: "ఓసీ తర్జనీ! శతాధిక-బాల-బహిష్కార-కీర్తి-గర్వితా! ఎందరిని గడప దాటించితివి? అందులో ఒక్కరినైన ఎందుకని అడిగితివా? ఆగుము! ఇంకొక అంగుళము కదలితివా, నిన్ను ఉంగరము పెట్టుకొనుటకు కూడ వాడను!" అంతరంగమున ఇంత గర్జించినను, బయటికి మాత్రము చిన్నగా దగ్గెను.

అంతట ఆమె 'గె' అను అక్షరమును చేదుమాత్రవలె మింగి, ఆ గదిలో మునుపెన్నడును ఎవరును వినని ప్రశ్న వేసెను.

"ఏమైందమ్మా?"

పిల్ల ఆగి, ముక్కు ఎగబీల్చెను. "సగానికి మూడో వంతు కలిపితే ఎంతొస్తుంది టీచర్? రోజూ చూస్తున్నా. రోజూ తుడిచేస్తున్నారు. స్కేలుతో కొడితే గానీ మీరు నా వైపు చూడరనిపించింది. సారీ టీచర్. వెళ్లిపోతా."

వేలు ఇంకను గాలిలోనే యున్నది. తలుపు మీదినుండి అది బయలుదేరెను. స్విచ్చిబోర్డు దాటెను, గడియారము దాటెను, బల్లిని సైతము దాటెను. మూరెడు దూరము, యుగమంత ప్రయాణము. తుదకు నల్లబల్ల మీద నిలిచెను.

"అటు కాదమ్మా, ఇటు రా. నువ్వే చెయ్యి. నేను పక్కనే ఉంటా."

"టీచర్, సుద్దముక్క నా డిపార్ట్‌మెంట్!" అని సుద్దాధిపతి లేచెను. పిల్ల తడి ముఖము చూచి మరల మాటాడక, డబ్బా వెదకి అన్నిటిలోకి పొడవైన ముక్కను తెచ్చి ఆమె చేతిలో పెట్టెను. మృదంగము డస్టరును బెంచీపై పెట్టి దానిమీద కూర్చుండెను. "నేను తుడవను. ఒట్టు," అనెను.

పిల్ల '=' ను పూర్తిచేసి, పైవి పైకి, క్రిందివి క్రిందికి కలిపి 2/5 అని వ్రాసెను. ఎవరో కిసుక్కుమనిరి. టీచరు వేలు ఒక్కసారి అదిరి, తనంతట తానే ఊరుకొనెను.

"నీ చేతిలో సగం ఉంది," అని టీచరు మెల్లగా అడిగెను. "ఇంకొంచెం కలిపావు. ఐదింట రెండు సగం కంటే ఎక్కువా, తక్కువా?"

"తక్కువ..." పిల్ల కనుబొమలు ముడివడెను. "అదేంటి టీచర్, కలిపితే తగ్గిందేంటి?"

తరగతి యంతయు ముందుకు వంగెను. తగ్గినదేమని నిఘాధికారి బల్లిని మరచి ఆలోచించుచుండెను. మృదంగము డస్టరు మీదినుండి లేచి, తన పదవీకాలమున తొలిసారిగా అనుమతి కోరెను.

"తుడవనా?"

"ఆ ఒక్కటే తుడువు," అని పిల్ల ఆజ్ఞాపించెను.

పిదప సగమును ఆరింట మూడుగాను, మూడవవంతును ఆరింట రెండుగాను మార్చి, నాలుక కొస బయటపెట్టి, పిల్ల 5/6 అని వ్రాసెను. గంట ఎప్పుడో మోగినది. గంట ఇన్‌ఛార్జ్ చెప్పుట మరచెను.

ప్రిన్సిపాల్ మేడమ్ బెంచీ నుండి మోకాళ్లను ఒక్కొక్కటిగా విడిపించుకొని, తలుపు దగ్గర ఆగి బయటికి పలికెను. "మాస్టారూ, ఆ విజిల్ గ్రౌండ్‌లోనే ఊదుకోండి."

కారిడారు నిర్మానుష్యముగా నుండెను. ఆ సాయంకాలము ఇంటిలో టీచరు వేలెత్తగా భర్త చెప్పుల కొరకు వెదకెను. "కూర్చోండి," అని ఆమె నవ్వెను. "రోజంతా ఎలా గడిచిందో చెప్పండి."

ఇట్లు తలుపు వైపు బయలుదేరిన వేలు మూరెడు తిరిగి నల్లబల్లను చేరుటయు, సగమును మూడవవంతును కలిసి ఆరింట ఐదగుటయు దిగ్దిగంతములందు, కనీసము కుళాయి వరకైనను, మార్మ్రోగుగాక! ఈ గాథను శ్రద్ధగా విన్నవారికి భిన్నములు వచ్చునో రావో నేను హామీ ఇవ్వజాలను. శ్రద్ధగా విననివారు మాత్రము... ఎవరక్కడ, వెనుక బెంచీలో, ఇంత జరిగినను ఆవులించుచున్నది? గె...

ఏమైందమ్మా?