నాలుగువందల పన్నెండు వంకాయలు

మట్టిలో గింజ వేస్తే మొలిచేది మొక్క మాత్రమే. దాన్ని సేద్యం అనిపించుకునే స్థాయికి పెంచేది ఫారం. ఈ సత్యం 1993 దాకా తెలియకపోవడం వల్ల బిలాస్‌పూర్ చుట్టుపక్కల రైతులు ఎవరి అనుమతీ లేకుండా పండించుకుంటూ వచ్చారు.

అలా తెలియనివాళ్లలో నూకరాజు ఒకడు. బొబ్బిలి దగ్గరి పల్లె నుంచి తాతల నాడు ఈ హిందీ ఊరికి రైలు పనికి వచ్చిన కుటుంబం. ముప్ఫై ఏళ్లు రైలింజన్ల షెడ్డులో ఫిట్టరుగా చేసి, రిటైరయ్యాక లాల్‌ఖదాన్ అవతల, పట్టాలకు కాస్త ఎడంగా ఎకరంన్నర నేల కొన్నాడు. అతనూ, భార్య చిన్నమ్మీ, రెండావులూ, ఒక బావీ, ఒక పేడగొయ్యీ. వంగ, బెండ, ఆనప, గోంగూర వేశారు. ఎరువు బస్తా ఆ గట్టు ఎక్కలేదు, పురుగుమందు డబ్బా ఆ వాకిలి తొక్కలేదు. దీని వెనక సిద్ధాంతమేదీ లేదు (ఆవులు పేడ వేయడం ఎలాగూ మానవు, ఎక్కడో ఒకచోట వాడాలి కదా). ఐదేళ్లలో నేల గుల్లబారి నల్లగా తయారైంది. ఆదివారం పొద్దున్నే రైల్వే కాలనీ ఆడవాళ్లు సంచులు పట్టుకుని గోంగూర కోసం గట్టు మీద వరస కట్టేవారు.

ఆ ఏడాది మార్చిలో సుస్థిర సేద్య విజయ నిర్ధారణ కార్యాలయం వారికి ఒక చిక్కు వచ్చిపడింది. సిర్గిట్టి రోడ్డులో టైర్ల కొట్టు పై అంతస్తులో ఉండే ఆ కార్యాలయం, నెలాఖరులోగా ఈ ప్రాంతంలో ఏడుగురు విజయవంతులైన సుస్థిర రైతులను కనిపెట్టి పైకి రాయాలి. ఆరుగురు దొరికారు (వారిలో ఇద్దరికి పొలం కూడా ఉంది). ఏడోవాడి కోసం సహాయ నిర్ధారణాధికారి రమణబాబు స్కూటరు మీద ఊరంతా తిరుగుతుండగా గోంగూర వరస కంటపడింది.

రమణబాబు విజయవాడ మనిషి. పొలమంతా తిరిగి చూశాడు. మట్టి పిడికిట్లోకి తీసుకుని వాసన చూసి, మళ్లీ జాగ్రత్తగా ఎక్కడిదక్కడ పెట్టాడు.

"నూకరాజు గారూ, మీరు విజయం సాధించారు. ఆ సంగతి మీకెవరూ చెప్పలేదా?"

"నేదు బాబూ. ఏటి సెయ్యాలిప్పుడు?"

"ఏమీ చేయక్కర్లేదు. మీ పేరుతో ఇక్కడ పెద్ద బోర్డు పెడతాం."

నూకరాజు పడిపోయింది అక్కడే. ముప్ఫై ఏళ్లు అతను బాగుచేసిన ఇంజన్లన్నీ నంబర్లేసుకుని వెళ్లిపోయాయి. ఒక్కదాని మీదా ఫలానావాడు బాగుచేశాడని రాసిలేదు. ఇంటి తలుపు మీద కూడా క్వార్టరు నంబరే ఉండేది. పేరుతో బోర్డు అనేసరికి, అది ఎంత పొడవుంటుందని అడిగాడు.

"బోర్డుతో కూర వండుకుంతావేటి మావా?" అంది చిన్నమ్మి, అధికారి వెళ్లాక.

"నీకు తెల్దు, ఊరుకోయే" అన్నాడు.

నిర్ధారణకు పద్నాలుగో నంబరు ఫారం కావాలి. రైతు రసాయనిక ఎరువు కొనలేదని ఎరువుల సొసైటీ ధ్రువీకరించాలి. నూకరాజు సొసైటీకి వెళ్తే గుమాస్తా సాహు కళ్లజోడు సర్దుకుని హిందీలో ఓపిగ్గా వివరించాడు: సొసైటీ సభ్యుల గురించే ధ్రువీకరించగలదు. ముక్కూమొహం తెలియనివాడు కొన్నాడో కొనలేదో ఎలా రాయగలదు? సభ్యుడు కావాలంటే కనీసం రెండు బస్తాల యూరియా కొనాలి.

నూకరాజు రెండు బస్తాలు కొని, తాను ఎరువు కొనలేదన్న కాగితం తీసుకుని వచ్చాడు.

రమణబాబు ఆ కాగితం చూసి సంతోషించాడు, రసీదు చూసి బాధపడ్డాడు. అయితే నిబంధనలు చేసినవాళ్లు తెలివితక్కువవాళ్లు కాదు. కొన్న ఎరువును వాడకుండా ఉండే రైతు కోసం పద్నాలుగు-ఖ ఉంది. దాని ప్రకారం బస్తాలకు లక్క సీలు వేసి, తడి తగలని కప్పు కింద, నెలనెలా తనిఖీకి అందుబాటులో ఉంచాలి. ఆ పొలంలో తడి తగలని కప్పు పశువుల పాకకే ఉంది. యూరియా పాకలోకి వెళ్లింది, ఆవులు అకాల వానలోకి వచ్చాయి.

"సూలుతో ఉన్న ఆవు మావా అది! బస్తాకేటి, జొరమొచ్చేత్తాదా?" అని చిన్నమ్మి గొడవపడింది. నూకరాజు తన పాత డ్యూటీ గొడుగు తెచ్చి ఆవు పక్కన నిలబడ్డాడు. మనసులో మాత్రం బోర్డు ఏ రంగులో ఉంటుందా అని ఆలోచిస్తున్నాడు.

పచ్చరంగులో వచ్చింది. తెల్లటి హిందీ అక్షరాల్లో 'ఆదర్శ సుస్థిర క్షేత్రం', కింద 'శ్రీ నూకా రాజూ' అని ఉంది. పేరు రెండు ముక్కలైనందుకు అతనేమీ అనుకోలేదు. ఎక్కువ చోటు ఆక్రమించిందని మురిసిపోయాడు. గోంగూర మడి మధ్యలో పాతారు, రోడ్డు మీదికి కనిపించాలని. రోజూ పొద్దున్నే తడిగుడ్డతో తుడిచేవాడు. వెనక్కి నడిచి దూరం నుంచి చూసి, మళ్లీ దగ్గరకొచ్చి తుడిచేవాడు. బోర్డు నీడ పడిన మేరకు గోంగూర పాలిపోయింది. అంత పెద్ద పేరుకి ఆమాత్రం నీడ ఉంటుందనుకున్నాడు.

అసలు లెక్కింపు ఆ తర్వాత జరిగింది. ముగ్గురు ఉద్యోగులు వచ్చి రెండు రోజులు కూర్చుని ఆవులు రెండు, ఆనప పాదులు పంతొమ్మిది, చెట్టు మీదున్న వంకాయలు నాలుగువందల పన్నెండు అని రిజిస్టరులో ఎక్కించారు. మర్నాడు పొద్దున నూకరాజు బుట్ట పట్టుకుని వంగతోటలోకి దిగుతుంటే రమణబాబు స్కూటరు ఆపకుండానే అరిచాడు.

"ఆగండి, ఆగండి! ఏం చేస్తున్నారు?"

"వంకాయలు కోత్తన్నాను బాబూ."

"కోస్తే తగ్గిపోవూ?"

"మల్లీ కాత్తాయి కదా."

"కాస్తే పెరిగిపోవూ?" రమణబాబు స్కూటరు దిగి, చిన్నపిల్లాడికి చెప్పినట్టు మెల్లగా చెప్పాడు. "సుస్థిరం అంటే ఏమిటి? ఉన్నది ఉన్నట్టు ఉండటం. పైనుంచి తనిఖీ బృందం వచ్చేదాకా నాలుగువందల పన్నెండు ఉండాల్సిందే."

"ఎప్పుడొత్తారు?"

"సుస్థిరంగా ఉన్నప్పుడు తొందరేముంది నూకరాజు గారూ?"

వంకాయలు ముదిరాయి. పసుపెక్కాయి. కొన్ని చెట్టునే కుళ్లి రాలాయి. రాలినవాటిని 'స్థానం మారిన కాయలు' అనే గడిలో రాసుకున్నారు కాబట్టి మొత్తంలో తేడా రాలేదు. ఆదివారం వచ్చిన ఆడవాళ్లకి నూకరాజు కూరలకు బదులు బోర్డు చూపించాడు. రెండు వారాలు చూసి, మూడో వారం రావడం మానేశారు.

ఇంతలో చూలావు ఈనింది. రిజిస్టరు ప్రకారం రెండావులు. పాక బయట మూడు పశువులు. సంజాయిషీ రాసివ్వాలని నోటీసు వచ్చింది. నూకరాజు కాగితం ముందేసుకుని, 'అయ్యా, ఆవు ఈనినది' అన్న ఒక్క వాక్యం దగ్గర సాయంత్రం దాకా కూర్చున్నాడు. అంతకన్నా రాయడానికేమీ తోచలేదు.

చిన్నమ్మి అతని వెనక నిలబడి కాసేపు చూసింది.

"ఆవు ఈనినందుకు తప్పొప్పుకోమంతన్నారా?"

అతను నోటీసు ఆమె వైపు జరిపాడు.

"అచ్ఛా. అయితే ఇనుకో మావా. రిజిస్టర్ల నేని దూడ నాది. దానికి పాలిచ్చే తల్లి కూడా నాదే. నానెల్తన్నాను."

ఆమె తమ్ముడు బంగార్రాజు సిర్గిట్టిలో మూతపడిన ఒక కర్మాగారానికి కాపలాదారు. దాని వెనక రెండెకరాల పిచ్చిగడ్డి. పాముల భయంతో ఎవరైనా బాగుచేస్తే చాలునని యజమాని అంటుండేవాడు. చిన్నమ్మి ఆవునీ దూడనీ తోలుకుని, గోంగూర గింజలు కొంగున మూటకట్టుకుని వెళ్లింది. రాత్రికి ఇంటికి వచ్చేది, పొద్దున్నే వెళ్లిపోయేది. మొగుడితో కోపంగా ఉన్నట్టు కాదు, డ్యూటీకి వెళ్తున్నట్టు.

ఆ వానాకాలం దాటేసరికి అక్కడ వంగ పూసింది, ఆనప కర్మాగారం గోడెక్కింది. కాలనీ ఆడవాళ్లు దారి కనుక్కుని సంచులతో అక్కడికి చేరారు. నూకరాజు ఇంట్లో కూర్చుని ఆ కూరలే తిని, చెయ్యి కడుక్కుని, తన పొలానికి వెళ్లి కుళ్లిన వంకాయలు ఎన్నున్నాయో చూసుకుని వచ్చేవాడు. కూర బాగుందని ఒకసారి అనబోయి ఆగిపోయాడు.

ఆదర్శ క్షేత్రం ఉన్నాక శిక్షణ ఉండాలి, శిక్షణకి వెనకబడిన రైతులు నలభై మంది కావాలి. ముప్ఫై తొమ్మిది మంది దొరికారు. నలభయ్యో మనిషి కోసం రమణబాబు స్కూటరు సిర్గిట్టి వైపు తిరిగింది. కలుపు తీస్తున్న చిన్నమ్మి తలెత్తి చూసింది. నూకరాజు భార్య అని అతను గుర్తుపట్టలేదు (రిజిస్టరులో భార్య గడి లేదు).

"ఏం పండిస్తున్నావమ్మా?"

ఆమె చుట్టూ చూసింది. నడుమెత్తు వంగ, గోడ నిండా ఆనప, మోకాలు దాటిన గోంగూర. తర్వాత అతని చేతిలో ఉన్న ఫైలు చూసింది.

"ఏటీ నేదు బాబూ. గడ్డి."

"బోర్డు లేదు, ఫారం లేదు... నిజమే, ఏమీ లేదు" అని అతను జాలిపడి రాసుకున్నాడు. "శిక్షణకి రా అమ్మా. నేర్పిస్తాం."

శిక్షణ రోజున నలభై మంది బోర్డు ముందు చాపల మీద కూర్చున్నారు. ముందు వరసలో చిన్నమ్మి. నూకరాజు ఇస్త్రీ చొక్కా వేసుకుని, కార్యాలయం ఇచ్చిన కాగితం చూసి చదువుతున్నాడు. 'సుస్థిర సేద్యమునకు మూలము సహనము' దాకా వచ్చాక ఆమె చెయ్యెత్తింది.

"బాబూ, ఈ పొలంల ఇప్పుడేటి పండుతాదండి?"

నూకరాజు కాగితం తిరగేశాడు. కాగితంలో దానికి జవాబు లేదు. చుట్టూ ఎండిన వంగ మోళ్లు, బీడుపడిన మళ్లు, సీలేసిన యూరియాకి పాక. అవన్నీ ఆమె కళ్లతో అప్పుడే మొదటిసారి చూశాడు.

"ప్రశ్నలు చివర పావుగంటలో" అన్నాడు రమణబాబు.

మధ్యాహ్నం భోజనంలో గుత్తివంకాయ పెట్టారు. వంటవాడు ఎక్కడ దొరికితే అక్కడ కొన్నాడు. దొరికింది సిర్గిట్టిలో చిన్నమ్మి దగ్గర. రెండు ముద్దలు తినేసరికి నూకరాజుకి ఆ రుచి తెలిసిపోయింది. విస్తరి పట్టుకుని వెళ్లి ఆమె పక్కన కూలబడ్డాడు.

"రేపు నానొత్తానే నీతోటి."

"నీ పేరిక్కడుంది కదా మావా."

"పేరు తీసెయ్యమంతాను."

మర్నాడు కార్యాలయానికి వెళ్లి ఆ మాటే అడిగాడు. రమణబాబు నొచ్చుకోకుండా నిబంధనలు తిరగేశాడు. విజయానికి రాజీనామా ఇచ్చే ఫారం లేదు. విఫలమైనట్టు రాసుకోవచ్చు, అయితే పంట నష్టం చూపించాలి. రిజిస్టరులో నాలుగువందల పన్నెండు వంకాయలూ క్షేమంగా ఉన్నాయి. ఎరువు బస్తాల సీలు కూడా పగల్లేదు. ఇంత నిలకడగా ఉన్న రైతు ఈ ప్రాంతంలో మరొకరు లేరని, అధైర్యపడవద్దని చెప్పి, టీ తాగించి పంపాడు.

నూకరాజు మెట్లు దిగాడు. లాల్‌ఖదాన్ వైపు తిరగలేదు. సిర్గిట్టి వెళ్లి ఇస్త్రీ చొక్కా విప్పి గోడకి తగిలించి, పార పట్టుకున్నాడు. "ఎక్కడ తవ్వమంతావు?" అని అడిగాడు. చిన్నమ్మి వేలుతో చూపించింది. సాయంత్రం దూడ వచ్చి అతని మోచేయి నాకుతుంటే చిన్నమ్మి నవ్వింది.

ఆ ఏటి నివేదిక పుస్తకం అందంగా అచ్చయింది. శిక్షణ ఫలితాల అధ్యాయంలో ఇలా ఉంది: 'ఆదర్శ రైతు శ్రీ నూకా రాజూ బోధనతో స్ఫూర్తి పొందిన శ్రీమతి చిన్నమ్మి, పూర్వానుభవం ఏమీ లేకపోయినా, బంజరులో సేద్యం ప్రారంభించి, ఒక నిరుద్యోగ వృద్ధునికి పని కల్పించినది.'