పానా సాంబమూర్తి నాలుగు రోజుల వంట

సాంబమూర్తి బొగ్గు గనిలో ముప్పై నాలుగేళ్లు ఫిట్టరుగా చేసి రిటైరయ్యాడు. పాడైన వస్తువు కనపడితే ఆయన చేతులు దురదపెడతాయి. బాగున్న వస్తువు కనపడితే ఇంకా ఎక్కువ దురదపెడతాయి. ఖమ్మంలో ఇల్లు కట్టుకుని స్థిరపడిన ఏడాదిలోనే ఆయన పానా పడని వస్తువు ఆ వీధిలో లేకుండా పోయింది. పక్కింటివాళ్ల గేటు ఇప్పటికీ లోపలి నుంచి మాత్రమే తెరుచుకుంటుంది. అందుకే ఆయన్ని అందరూ పానా సాంబమూర్తి అంటారు.

అలాంటి మనిషికి ఇల్లందు దగ్గర పాత ఇనుము దుకాణంలో ఒక ట్రైలరు దొరికింది. ఒకప్పుడు అడవిలో బోర్లు వేసే సర్వేవాళ్లు అందులో కాపురం ఉండేవారట. రెండు చక్రాల మీద రేకుల గది. దానికి సాంబమూర్తి ఎనిమిది నెలలు సేవ చేశాడు. తుప్పు గీకాడు, మంచం బిగించాడు, నీళ్ల ట్యాంకు పెట్టాడు, పక్కన పైకి ఎత్తే పెద్ద కిటికీ పెట్టాడు, గ్యాసు పొయ్యి కూడా అమర్చాడు. చివర్లో చిలకపచ్చ రంగు వేసి, తన పాత జీపు వెనక తగిలించి, భార్యను పిలిచాడు.

"ఎట్లున్నది యశోదా? భద్రాచలం, పర్ణశాల, దుమ్ముగూడెం. నాలుగు రోజులు తిరిగొద్దాం పా."

యశోద లోపలికి వెళ్లి అంతా చూసింది. మంచం నొక్కి చూసింది. పొయ్యి ముందు మాత్రం చాలాసేపు నిలబడింది.

"ఇంట్ల ఒక పొయ్యి ఉన్నది, చాలదా? నా వెనకాల ఇంకోటి గుంజుకరావాల్నా?"

"ఆకలైతే వండుకోవద్దా మరి?"

"వండుకోవద్దా అంటే ఏంది? ఎవరు వండాలె? నీకు అరవై నిండంగనే దండేసి, శాలువ కప్పి, ఇంటికి పంపిచ్చిన్రు. నాకు దండెప్పుడేస్తరు?"

సాంబమూర్తి నవ్వాడు. ఆ నవ్వే ఆయన కొంప ముంచింది.

"వంట గూడ ఒక పనేనా యశోదా? మూడొందల మీటర్ల లోతుల, మోకాళ్ల మట్టు నీళ్లల్ల పంపు విప్పి బిగించినోణ్ణి. అరగంట ఇస్తే నాలుగు కూరలు చేస్త."

"అవ్ మల్ల! చెయ్యి. నాలుగు రోజులు నువ్వే చెయ్యి. నేను గరిట ముడితే ఒట్టు. చేసినవంటే, వంట పెద్ద పనేం కాదని పదిమంది ముందర నేనే ఒప్పుకుంట."

"చెయ్యకుంటే?"

"చెయ్యకుంటే, వంటే పెద్ద పనని నువ్వు ఒప్పుకోవాలె. మన వీధిల, మైకు పెట్టి."

పందెం కుదిరింది. ఆ పూట తిని పడుకున్నాకగానీ సాంబమూర్తికి తన వంట సామర్థ్యం గుర్తుకు రాలేదు. ఆయనకు అన్నం వండటం వచ్చు. నీళ్లు కాచడం ఇంకా బాగా వచ్చు. అంతే.

మర్నాడు మేడ మీదికెక్కి పాల్వంచకు ఫోన్ చేశాడు. అక్కడ సైదమ్మ కర్రీ పాయింట్ నడుపుతోంది. గని క్వార్టర్లలో ఉన్నప్పుడు వీళ్ల పక్కింట్లోనే ఉండేది. ఆమె చేతి వంకాయ కూర కోసం షిఫ్టులు మార్చుకున్నవాళ్లున్నారు.

"చెల్లే, నాలుగు రోజులకు ఎనిమిది రకాల కూరలు గావాలె. డబ్బాలల్ల పెట్టియ్యి. నా దగ్గర ఐసు పెట్టె ఉన్నది."

"గన్నెందుకన్నా? ఏమన్న ఫంక్షనా?"

సాంబమూర్తి సంగతంతా చెప్పాడు. సైదమ్మ నవ్వు ఆపుకోవడానికి కొంత సమయం పట్టింది.

"మరి అక్కకు చెప్పొద్దా?"

"అక్కకు తప్ప ఎవరికన్నా చెప్పుకో."

అనుకున్న రోజు బయల్దేరారు. కొత్తగూడెం దాటి పాల్వంచ చేరగానే, భార్యను ట్రైలరుతో సహా ఒక చెట్టు నీడన దించి, జీపు టైర్లకు గాలి పట్టించుకొస్తానని సాంబమూర్తి వెళ్లాడు. నలభై నిమిషాలకు తిరిగొచ్చాడు.

"నాలుగు టైర్లకు గింతసేపా?"

"ఇక్కడ గాలి జర చిక్కగున్నది" అన్నాడు సాంబమూర్తి. ఐసు పెట్టెను పానాల పెట్టె అని చెప్పి మంచం కిందికి తోసేశాడు.

సాయంత్రం కిన్నెరసాని దగ్గర ఆగారు. యశోద బయట మడత కుర్చీలో కూర్చుని నీళ్లకేసి చూస్తోంది. సాంబమూర్తి లోపలికి వెళ్లి తలుపు గడియ పెట్టాడు.

"తలుపెందుకు?"

"నువ్వు చూస్తుంటే నాకు చెయ్యి సాగదు."

ఆ తర్వాత లోపలి నుంచి వినిపించిన చప్పుళ్లకు ఒక పెళ్లి వంట జరుగుతోందనుకోవాలి. ఖాళీ చెక్క మీద కత్తితో టకటకా కొట్టాడు. ఖాళీ గిన్నెలో గరిట తిప్పాడు. నూనెలో ఆవాలు, వెల్లుల్లి వేసి ఉత్త తాలింపు పెట్టి, ఆ వాసనను విసనకర్రతో కిటికీలోంచి బయటికి తోలాడు. అది ఎందులోనూ కలవలేదు. తర్వాత అన్నం వండి, డబ్బాల్లోని పప్పు, కూర వేడిచేసి, మొహం మీద నీళ్లు చల్లుకుని చెమటలా చేసుకుని, తువాలు భుజాన వేసుకుని బయటికొచ్చాడు.

"టమాట పప్పు. కాకరకాయ ఫ్రై."

యశోద తింది. ఇంకోసారి పెట్టించుకుని తింది.

"మంచిగున్నది. ఉప్పు గూడ నాకు సరిపోయింది."

సాంబమూర్తి ఛాతీ జీపు బానెట్టంత అయింది.

"అవునుగని, ఉల్లిగడ్డ పొట్టేది?"

"ఏం పొట్టు?"

"ఫ్రైల ఉల్లిగడ్డలున్నయి గద. పొట్టు యాడ పోయింది?"

"అడవిల పారేసిన. ఏమన్న జంతువులు తింటయని."

యశోద మరేమీ అడగలేదు. అప్పుడే ఆయనకు అనుమానం రావాల్సింది. ముప్పై ఆరేళ్ల కాపురంలో ఆమె ఒక్క ప్రశ్నతో ఆగిన రోజు లేదు.

రెండో రోజు పొద్దున్నే గోదావరి వంతెన దాటారు. భద్రాచలంలో దర్శనం చేసుకుని, ఇడ్లీ తిని, మధ్యాహ్నానికి పర్ణశాల చేరారు. గోదారి ఒడ్డున నీడ చూసి సాంబమూర్తి ట్రైలరు నిలిపాడు. జీపు విప్పి పక్కన పెట్టాడు. చక్రాల కింద రాళ్లు పెట్టాడు. వెనక వైపు ఒరగకుండా దించాల్సిన ఇనుప కాళ్లు రెండున్నాయి. వాటిని దించేలోగా కూరలు గుర్తుకొచ్చి లోపలికి పరుగెత్తాడు.

ఎండ మండిపోతోంది. రేకుల గదిలో ఊపిరాడక పక్క కిటికీ పూర్తిగా ఎత్తేశాడు. తాలింపు వేశాడు.

అదే సమయానికి మధిర నుంచి వచ్చిన టెంపో ఒకటి ఎదురుగా ఆగింది. అందులోంచి పద్నాలుగు మంది ఆడవాళ్లు దిగారు. వాళ్ల పెద్ద పేరు పిచ్చమ్మ. ఆమె మామూలుగా మాట్లాడితే అవతలి ఒడ్డున వాళ్లు ఊ కొట్టవచ్చు. దారిలో అడవి మలుపు దగ్గర టెంపో విసిరికొట్టడంతో వాళ్ల సాంబారు, కూర గిన్నెలు తిరగబడ్డాయి. గుండిగెడు అన్నం మాత్రం మిగిలింది. ఆకలి మీదున్న ఆ ఆడవాళ్లకు చిలకపచ్చ బండి, ఎత్తిన కిటికీ, తాలింపు వాసన, తువాలుతో ఒక మనిషి కనపడ్డారు.

"అన్నయ్యా, కూరలు ఏమేమున్నాయి?" అంది పిచ్చమ్మ.

"ఇది హోటల్ గాదమ్మా! మా ఇల్లు."

పిచ్చమ్మ సంగతి చెప్పేసరికి, కుర్చీలోంచి యశోద లేచింది.

"అయ్యో, ఒట్టి అన్నం ఎట్ల తింటరు? కూసోండ్రి. మా ఆయన వండిండు. తలా ఇంత పెడతడు."

"యశోదా, మన ఇద్దరికే వండిన..."

"మల్ల వండు. అరగంట పని గద."

కాదంటే పందెం పోతుంది. సాంబమూర్తి వెనక్కి తిరిగి మంచం కిందికి దూరాడు. వంకాయ కూర పోయింది. గోంగూర పప్పు పోయింది. దొండకాయ వేపుడు, బెండకాయ కూర, సొరకాయ పులుసు, ఉలవచారు కూడా పోయాయి. మిగిలిన రోజుల కూరలన్నీ ఇరవై నిమిషాల్లో పద్నాలుగు విస్తళ్లలోకి వెళ్లిపోయాయి. అడిగినప్పుడల్లా కొత్త కూర ఇస్తుంటే, ఆ ఆడవాళ్లు ఆయన్ని అన్నదాతను చూసినట్టు చూశారు.

తిండి అయ్యాక అసలు కష్టం మొదలైంది. పిచ్చమ్మ చెయ్యి కడుక్కుని తిన్నగా ట్రైలరు ఎక్కేసింది. ఆమె వెనక మరో ఎనిమిది మంది ఎక్కారు.

"అన్నయ్యా, ఈ గోంగూర పప్పు ఎలా చేశారో చెప్పండి. మావారికి చేసిపెడతాను."

సాంబమూర్తి పొయ్యి ఆర్పి, గొంతు సవరించుకున్నాడు. "ముందుగాల గోంగూరను రాత్రే నానబోయాలె."

తొమ్మిది మందీ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు.

"గోంగూరనా?"

"అవ్. పొద్దుగాలకు జర మొలకొస్తది."

"మరి కుక్కర్లో ఎన్ని విజిల్స్?"

విజిల్ అనగానే ఆయనకు గని సైరనే గుర్తొచ్చింది. "మూడు. షిఫ్టుకొకటి."

సరిగా వినపడక వెనకున్నవాళ్లు కూడా ముందుకు తోసుకుంటూ పొయ్యి దగ్గరికొచ్చారు. పొయ్యి ట్రైలరు వెనక భాగంలో ఉంది. దించని ఇనుప కాళ్లు కూడా అక్కడే ఉన్నాయి. కిర్రుమని ఒక చప్పుడు వచ్చింది. ట్రైలరు ముక్కు నెమ్మదిగా ఆకాశంకేసి లేచింది.

"అమ్మో, గోదాట్లోకి పోతున్నాం!" అని పిచ్చమ్మ వేసిన కేకకు ఒడ్డు మీద కొంగలన్నీ లేచిపోయాయి.

గోదారి అక్కడికి వంద గజాల దూరంలో ఉంది. ట్రైలరు వెనక అంచు నేలను తాకి ఆగింది. తొమ్మిది మంది ఆడవాళ్లు జారి, వంట చెబుతున్న సాంబమూర్తిని గోడకు నొక్కేశారు. ఎవరికీ దెబ్బ తగల్లేదు. అందరికంటే చివరగా మంచం కింది నుంచి పానాల పెట్టె జారుకుంటూ వచ్చి, మూత తెరుచుకుంది. ఎనిమిది ఖాళీ డబ్బాలు దొర్లాయి. ఎనిమిదింటి మీదా ఎర్రక్షరాల స్టిక్కరుంది.

బయట యశోద పరుగున వచ్చి ట్రైలరు ముక్కు పట్టుకుని వేలాడింది. మిగిలిన ఐదుగురూ వచ్చి ఆమెకు సాయం పట్టారు. ట్రైలరు మళ్లీ సమంగా నిలిచింది. యశోద వెనక్కి వెళ్లి, రెండు ఇనుప కాళ్లూ తానే దించి బిగించింది.

"కాళ్లు దించలేదా? ముప్పై నాలుగేండ్లు ఫిట్టరు పని చేసినవ్!"

లోపల సాంబమూర్తి డబ్బాలు ఏరడానికి వంగేసరికే, పిచ్చమ్మ చేతిలో ఒక డబ్బా ఉంది. ఆమె కళ్లు చిట్లించి, పెదాలతోనే కూడబలుక్కుంటోంది. "సై... ద... మ్మ..."

యశోద లోపలికొచ్చి ఆ డబ్బా మెల్లగా తీసుకుంది. "మా ఆయన పాత డబ్బాలు ఒక్కటి గూడ పారెయ్యనియ్యడమ్మా." ఎనిమిదింటినీ పెట్టెలో సర్ది, మూత పెట్టింది.

యశోద దగ్గర కళ్లజోడు లేదు కదా, చదివి ఉండదులే అనుకుని సాంబమూర్తి ఊపిరి పీల్చుకున్నాడు.

యశోద బయటికొచ్చి పద్నాలుగు మందినీ చుట్టూ నిలబెట్టింది.

"అక్కా చెల్లెండ్లారా, మీరంత సాక్షులు. వంట పెద్ద పనేం కాదని మా ఆయన అన్నడు. నేను గాదన్న. ఇయ్యాల ఒప్పుకుంటున్న. పద్నాలుగు మందికి చెమట పట్టకుంట పెట్టిండు. వంట పెద్ద పనేం కాదు."

అందరూ చప్పట్లు కొట్టారు. సాంబమూర్తి తువాలు సర్దుకుని చేతులు జోడించాడు. గెలిచాడు.

"గందుకే," అంది యశోద, "గింత అల్కటి పని గాబట్టి, గింత మంచిగ వండేటోడు ఇంట్లుండంగ, నేను ఇంక పొయ్యికాడికి పోతే ఆయన్ని అవమానించినట్టే. ఇయ్యాల్టి సంది నేను రిటైర్."

చప్పట్లు ఇంకా గట్టిగా మోగాయి. సాంబమూర్తి జోడించిన చేతులు అలాగే ఉండిపోయాయి. పిచ్చమ్మ తన మెడలోని ప్రసాదం దండ తీసి యశోద మెడలో వేసింది. వెళ్తూ వెళ్తూ సాంబమూర్తి ఫోన్ నంబరు కూడా రాసుకుంది.

తిరుగు దారిలో దుమ్ముగూడెం దగ్గర ఆనకట్ట పక్కన ఆగేసరికి సాయంత్రం నాలుగైంది. ఐసు పెట్టెలో కరిగిన నీళ్లు తప్ప ఏమీ లేవు.

"పందెం గెలిచిన గద. ఇయ్యాల హోటల్ల తిందామా?"

"హోటలెందుకు? గోంగూర మొలకెత్తిచ్చేటోడు చేతిలుండంగ."

సాంబమూర్తి ఊళ్లోకి వెళ్లి ఉల్లిగడ్డలు, టమాటలు తెచ్చుకున్నాడు. ఈసారి తలుపు తెరిచే ఉంచాడు. కత్తి కింద నిజంగా ఏదో ఉండటం ఆయనకు కొత్తగా ఉంది. రేకుల వేడి, పొయ్యి వేడి కలిసి నెత్తికెక్కాయి. రెండు ఉల్లిగడ్డలు తరిగేసరికి కళ్లు కనపడలేదు. మూడోదానికి వేలు తెగింది. నీళ్లు చల్లుకోకుండానే మొహమంతా చెమట కారుతోంది. గనిలో ఎంత వేడిలోనైనా షిఫ్టు ముగిశాక పైకి రావచ్చు. దీనికి ముగింపు ఎక్కడో ఆయనకు తెలియలేదు. మొదటి షిఫ్టు రోజుల్లో తెల్లవారి నాలుగింటికే తనకు వేడి వేడి క్యారియరు ఎలా తయారయ్యేదో ఆయన ఇన్నేళ్లలో ఎన్నడూ ఆలోచించలేదు.

బయటికొచ్చి కుర్చీ పక్కన నేల మీద కూర్చున్నాడు.

"యశోదా, ఒక మాట చెప్త. కోపం చెయ్యకు. ఆ కూరలు నేను చెయ్యలే. సైదమ్మ చేసింది."

"తెలుసు."

"డబ్బా మీద చదివినవా?"

"డబ్బా దాంక ఎందుకు? నువ్వు మేడ దిగక ముందే ఫోన్ చేసింది. 'అక్కా, నీకు బీపీ గద, ఉప్పు ఎంత తగ్గియ్యాలె' అని అడిగింది. మల్ల, ఏమేం వండాల్నో గూడ నన్నే అడిగింది. కాకరకాయ ఫ్రై నేనే చెప్పిన. నా అంతట నేను అడిగి తిని ఎన్నేండ్లయిందో."

సాంబమూర్తి భుజం మీది తువాలు తీసుకుని కళ్లు తుడుచుకున్నాడు.

"ఉల్లిగడ్డకా, నా కోసమా?"

"రెంటికీ."

ఆ పూట టమాట కూర మాడింది, అన్నం మెత్తబడింది. యశోద ఒక్క మాట అనకుండా తింది. పళ్లెం మాత్రం ఆయనకే ఇచ్చింది, కడగమని.

ఆయన పళ్లెం కడుగుతుండగా ఫోన్ మోగింది. చేతులు తడిగా ఉన్నాయని యశోద ఎత్తింది. అవతల పిచ్చమ్మ గొంతు. ఫోన్ చెవికి ఆనించకపోయినా వినపడుతూనే ఉంది. కార్తీకంలో వనభోజనాలట. మధిర తోటలో నూటయాభై మందట. అన్నయ్యగారు పప్పు, వంకాయ కూర చేస్తారా అని.

సాంబమూర్తి సబ్బు చేతులతోనే వద్దు వద్దని రెండు చేతులూ ఊపాడు.

"వస్తడమ్మా," అంది యశోద. "ఎందుకు రాడు? రిటైరై ఖాళీగనే ఉన్నడు."