ఇంట్లో లేని మాట చెల్లదు

పదాల ఆటలో ఏ మాట చెల్లుతుంది, ఏది చెల్లదు అని కొట్లాడుకోని ఇల్లు కూడా ఒక ఇల్లేనా అండీ! డిక్షనరీ చూసి బుద్ధిగా తేల్చుకునేవాళ్లను చూస్తే నాకు జాలేస్తుంది. అరుపులూ అలకలూ లేకపోతే అది ఆట ఎట్లా అవుతుంది?

సూర్యాపేటలో బుచ్చమ్మ ఇంటికి రండి. ఆదివారం చర్చి నుంచి వచ్చి, మటన్ తిని, ఆటకు కూర్చుంటారు. ఒక అక్షరం అనుకుని తలా ఒక మాట చెప్పాలి. మాట చెల్లనివాళ్లు గిన్నెలు తోమాలి. జడ్జి బుచ్చమ్మే. ఆమె చట్టం ఒక్కటే: ఇంట్లో ఉన్నదే మాట, లేనిది చెల్లదు. ఎంత సులువు!

కోడలు స్వరూపది కోదాడ. 'బ' వచ్చినప్పుడు బంగాళాదుంప అంది. "మనింట్ల ఉన్నది ఆలుగడ్డ" అని అత్త కొట్టేసింది. 'ఏ' వచ్చినప్పుడు ఏనుగు అంటే, ఎక్కడ కట్టేశావని అడిగారు. కొడుకు జయరాజు చెప్పిన ఏసీ మాత్రం పాసైంది. వచ్చే ఎండాకాలం కొంటాడట!

మొన్నటి ఆదివారం 'స' వచ్చింది. మిర్యాలగూడ అల్లుడు వినోద్ సొరంగం అన్నాడు. ఇంట్లో సొరంగమా అని స్వరూప అడగనే అడిగింది.

"అల్లుడు నోరు తెరిచి అడిగిండు. లేకుంటే తవ్విద్దాం" అంది బుచ్చమ్మ.

స్వరూపకు కడుపు మండిపోయింది. గిన్నెలదేముంది, ఎటు తిరిగీ తోమేది తనే. ఈ ఇంట్లో తన మాట ఒక్కటి, ఒక్కసారి నిలబడితే చాలు. బాగా ఆలోచించి 'సెలవు' అంది.

"గసుంటిది మనింట్ల ఎన్నడున్నది?" అంది బుచ్చమ్మ. జయరాజు పకపకా నవ్వాడు.

ఎప్పుడూ వాదించే స్వరూప ఈసారి వాదించలేదు. అత్తమ్మ తీర్పు నూటికి నూరుపాళ్లు నిజమని ఒప్పుకుంది. ఒప్పుకుని, చీర మార్చుకుని, బ్యాగు సర్దుకుంది.

"ఇంట్లో లేదు కదత్తమ్మా. కోదాడ పోయి తెస్తా" అని బస్టాండుకు ఆటో ఎక్కింది.

చూశారా, పదాల ఆట మనిషికి ఎంత చురుకు నేర్పుతుందో! మళ్లీ ఆదివారం వచ్చేసరికి బుచ్చమ్మ మటన్ గిన్నె ముందు కూర్చుని, చేతిలో పీచు పట్టుకుని, చట్టాన్ని సవరించింది. సెలవు చెల్లుతుంది, వెంటనే రమ్మని కొడుకుతో ఫోన్ చేయించింది.

అవతల నుంచి స్వరూప నెమ్మదిగా అంది:

"ఇంకా దొరకలేదని చెప్పండి. వెతుకుతున్నా."